పార్కులో పక్షులకు చోటేది?

గుంటూరులో మా కాలనీ పార్కుకు తెల్లవారుజామున వెళ్లేది నాలుగు పక్షుల్ని చూద్దామని. అక్కడ లౌడ్‌స్పీకరులో భక్తిగీతాలు! దేవుడికేమైనా చెవుడా? ఆ మోతకు గోరింకలు కూడా నిలవవు. నడకదారి పొడవునా సిమెంటు పలకలు, మధ్యలో ప్లాస్టిక్ జిరాఫీ. పిల్లలకు ప్రకృతి అంటే అదేనట.

అసలు మంట పుట్టించింది మొన్న ఎండు కొమ్మలు, తొర్రలున్న ముసలి చెట్టును కొట్టేయడం. అందం కోసమట! 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నాం కదా. అది పుల్లలతో గూడు అల్లదు, చెట్టు తొర్రలోనే గుడ్లు పెడుతుంది. కొత్తగా నాటిన అలంకారపు తాటిమొక్కల్లో తొర్ర ఎక్కడ వెతుక్కోవాలి? పక్కనే ఉప్పలపాడులో గూడబాతులు ఊరి చెరువులోనే పిల్లల్ని పెంచుకుంటున్నాయి. మనకు మాత్రం పార్కులో ఒక్క ఎండుకొమ్మ బరువైంది.

ఇక మా కుక్క సంగతి. గొలుసు వేసి, అది పాడుచేస్తే ఎత్తడానికి సంచీ పట్టుకుని వెళ్తే, 'కుక్కలకు ప్రవేశం లేదు' అంటూ కాపలాదారు గేటు దగ్గరే ఆపేస్తాడు. ఆయన కుర్చీ కిందే రెండు వీధికుక్కలు హాయిగా నిద్రపోతుంటాయి. వాటి సంగతి అడిగితే, "అవి ఇక్కడివేనండీ" అన్నాడు.