తాళంచెవి దగ్గర సున్నా

1984లో వచ్చిన ‘మాంటెజుమాస్ రివెంజ్’ వీడియో గేమ్‌లో మొదటి గది ఇలా ఉంటుంది. పైన మధ్యలో ఒక బొమ్మ మనిషి. కాళ్ల కింద నిచ్చెన. కుడిపక్కన వేలాడే తాడు. నేల మీద అటూ ఇటూ దొర్లే పుర్రె. ఎడమవైపు గట్టు దగ్గర తాళంచెవి. పైన రెండు పక్కలా మూసి ఉన్న తలుపులు. ఈ బొమ్మను మా తొమ్మిదేళ్ల మేనకోడలికి చూపించి నేనేమీ చెప్పలేదు. “మామయ్యా, పుర్రెకి తగలకుండా దూకి ఆ తాళంచెవి తెచ్చుకోవాలి కదా?” అంది. అర నిమిషం కూడా పట్టలేదు.

లండన్‌లోని కృత్రిమ మేధ (ఏఐ) సంస్థ డీప్‌మైండ్ తయారుచేసిన డీక్యూఎన్ అనే వ్యవస్థకు ఇదే ఆటలో వచ్చిన స్కోరు సున్నా. అటారీ అనే పాత వీడియో గేమ్ యంత్రం కోసం వచ్చిన 49 ఆటల మీద, తనంతట తాను నేర్చుకునేలా వదిలిన వ్యవస్థ అది. 2015 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో దాని వివరాలు వచ్చాయి. ఇటుకల గోడను బంతితో పగలగొట్టే ‘బ్రేక్‌అవుట్’లో అది సగటున 401 పాయింట్లు కొట్టింది. పోలిక కోసం ఆడించిన మనిషికి, రెండు గంటలు సాధన చేశాక కూడా 32 లోపే వచ్చాయి. గోడకు ఒక పక్క సందు చేసి, బంతిని వెనక్కి పంపి, అది అక్కడే ఎగిరెగిరి ఇటుకలు రాల్చేలా ఆడటం కూడా యంత్రం సొంతంగా పట్టేసింది. అందరూ చెప్పుకునేది ఈ గెలుపు గురించే. నాకు మాత్రం ఆ సున్నాయే ఎక్కువ విషయం చెబుతుందనిపిస్తుంది.

ఈ వ్యవస్థకు ఆట నియమాలు ఎవరూ చెప్పరు. స్క్రీన్‌ను 84×84 చుక్కల నలుపు తెలుపు బొమ్మగా కుదించి, వరసగా నాలుగు బొమ్మలు కలిపి న్యూరల్ నెట్‌వర్క్‌కు, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రాముకు, ఇస్తారు. ఒక్క బొమ్మే ఇస్తే బంతి పైకి పోతోందో కిందికి వస్తోందో తెలియదు మరి. జాయ్‌స్టిక్‌తో చేయగల కదలికల్లో (ఆటను బట్టి 4 నుంచి 18 దాకా) ఏది చేస్తే ముందు ముందు ఎక్కువ పాయింట్లు వస్తాయో అది అంచనా వేస్తుంది. మొదట్లో అంతా గుడ్డిగా నొక్కడమే. స్కోరు పెరిగితే ప్లస్ ఒకటి, తగ్గితే మైనస్ ఒకటి. చివరి పది లక్షల ఫ్రేముల అనుభవాన్ని దాచుకుని, అందులోంచి ఎక్కడెక్కడివో తీసి మళ్లీ మళ్లీ నేర్చుకుంటుంది, మన పిల్లలు పాత ప్రశ్నపత్రాలు తిరగేసినట్టు. ఒక్కో ఆటకూ దాదాపు 38 రోజులు ఆగకుండా ఆడినంత అనుభవం దీనికి అందింది.

బ్రేక్‌అవుట్‌లో గుడ్డిగా నొక్కినా ఎప్పుడో ఒకసారి బంతి తగులుతుంది, ఇటుక రాలుతుంది, పాయింటు వస్తుంది. ఆ ఒక్క పాయింటు పట్టుకుని దారి వెతుక్కోవచ్చు. మాంటెజుమాలో తాళంచెవి చేతికి వచ్చేదాకా పాయింటే లేదు. నిచ్చెన దిగాలి, తాడు అందుకోవాలి, పుర్రెను దాటాలి, మరో నిచ్చెన ఎక్కాలి. మధ్యలో ఎక్కడ పడినా ప్రాణం పోతుంది. ఇన్ని పనులు వరసగా అదృష్టం మీద కుదరాలంటే ఎలా? మా మేనకోడలికి ఇంట్లో బీరువా తెలుసు, తాళం తెలుసు. యంత్రానికి ఆ తాళంచెవి కొన్ని చుక్కలు, అంతే.

బ్రేక్‌అవుట్ గెలుపు కూడా అనుకున్నంత గట్టిది కాదు. 2017లో వికారియస్ కంపెనీ పరిశోధకులు ఇదే కోవకు చెందిన మరో వ్యవస్థను పరీక్షించారు. ఆటలో బంతిని కొట్టే బ్యాట్‌ను కాస్త పైకి జరిపారు. అంతే, బాగా ఆడుతున్న యంత్రం తడబడిపోయింది. మనిషికి అది మార్పుగా కూడా అనిపించదు.

ఇంకా కలవరపెట్టేది 2016లో ఓపెన్ఏఐ చూపించిన పడవ పందెం. ‘కోస్ట్‌రన్నర్స్’ ఆటలో అందరికంటే ముందు గీత దాటడమే పందెం. పాయింట్లు మాత్రం దారిలో ఉన్న లక్ష్యాలను తాకితే వస్తాయి. యంత్రం ఒక మూల మడుగు కనిపెట్టింది. అక్కడ మూడు లక్ష్యాలు తాకిన కాసేపటికే మళ్లీ పుట్టుకొస్తాయి. ఇంకేముంది, పడవ అక్కడే గుండ్రంగా తిరిగింది. మంటలు అంటుకున్నాయి, ఇతర పడవలను గుద్దింది, ఎదురుదారిలో పోయింది. పందెం పూర్తి చేయనే లేదు. స్కోరు చూస్తే మనుషుల సగటు కంటే 20 శాతం ఎక్కువ.

దీన్ని మోసం అనడం అన్యాయం. ఏది పెంచమన్నామో అదే పెంచింది. తప్పు ఆ లెక్కను ఎంచుకున్న చోట ఉంది. ఆటల్లో అయితే పడవ కాలిపోతే రీసెట్ కొడతాం. మన ఫోన్లలో ఏ వీడియో తర్వాత ఏది రావాలో తేల్చే వ్యవస్థలూ ఏదో ఒక అంకెను పెంచడానికే పనిచేస్తాయి. యూట్యూబ్ 2012లో క్లిక్‌ల కంటే చూసిన సమయానికి ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెట్టింది. చూసినవాళ్లకు అది మేలు చేసిందా, వాళ్ల నిద్ర చెడగొట్టిందా అన్నది ఆ అంకెలో కనిపించదు. అందుకే ఏ కంపెనీ ‘మా ఏఐ మనిషిని దాటేసింది’ అన్నా నేను ముందు అడిగేది ఒక్కటే: దేన్ని లెక్కపెట్టారు? దాంతోపాటే ఎక్కడ ఓడిపోయిందో కూడా చెప్పాలి. ఇది అడిగే హక్కు వాడే ప్రతి ఒక్కరికీ ఉంది.

డీప్‌మైండ్ ఆ పని చేసింది. నేచర్ వ్యాసంలో 49 ఆటల వరస గ్రాఫ్‌గా ఉంటుంది, పై నుంచి కిందికి. అట్టడుగున మాంటెజుమాస్ రివెంజ్, పక్కన మనిషితో పోలిస్తే సున్నా శాతం. దాచలేదు. ఆ తర్వాత ఎంతోమంది పరిశోధకులు ఈ ఆట మీదే పడ్డారు. 2018లో ఊబర్ పరిశోధకులు తెచ్చిన ‘గో-ఎక్స్‌ప్లోర్’ ముందు చేరిన చోట్లను గుర్తుంచుకుని, మళ్లీ అక్కడికి వెళ్లి, అక్కడి నుంచి కొత్తగా వెతికింది. అలా తాళంచెవి అందుకుంది, తలుపు తీసింది, తర్వాతి గదుల్లోకి వెళ్లింది.