మ్యూట్ బటన్ మీద పంచాయితీ

(విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. బ్యాంకులో పనిచేసి రిటైరైన శేషగిరి గారు, వేసవి సెలవులకు వచ్చిన ఆయన బావమరిది ప్రభాకర్. ఐపీఎల్ మ్యాచ్ నడుస్తోంది. టీవీలో బొమ్మ ఉంది, శబ్దం లేదు. రిమోట్ శేషగిరి గారి తొడ కింద ఉంది.)

ప్రభాకర్: బావగారూ, టీవీ పాడైందా?

శేషగిరి: టీవీకి ఏమీ కాలేదు. నేనే దాని నోరు మూయించాను. ఇందాక ఒకాయన "బంతి గాలిలోకి లేచింది" అన్నాడు. నాకు కళ్ళున్నాయి నాయనా. శుక్లాల ఆపరేషన్ కూడా పోయినేడే అయింది.

ప్రభాకర్: అయితే మాత్రం మూగ మ్యాచ్ ఏమిటండీ! మేళం లేకుండా ఊరేగింపు తీసినట్టుంది.

శేషగిరి: మేళం బాగుంటే ఎవరు వద్దంటారు? అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులుంటే, అప్రస్తుత ప్రసంగానికి ఒక్కరినే కూర్చోబెడతారు. ఇక్కడ ముగ్గురు కూర్చుంటే ముగ్గురిదీ అదే పని. నిన్న రాత్రి హోటల్లో ఏం తిన్నారో, ఎవరితో గోల్ఫ్ ఆడారో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఈలోగా రెండు బంతులు పడిపోయాయి.

ప్రభాకర్: అవధానంలో జనం నవ్వేది ఆ అప్రస్తుతానికే కదండీ! అది తీసేస్తే సగం మంది దత్తపదికే లేచిపోతారు. అయినా ముగ్గురుంటే తప్పేమిటి? బుర్రకథలో మాత్రం ఎందరుంటారు? మధ్యలో కథకుడు, ఒక పక్క రాజకీయ వంత, మరో పక్క హాస్య వంత. కామెంటరీ బాక్సూ అంతే. ఒకరు కథ నడుపుతారు, ఒకరు లోతు చెబుతారు, ఒకరు నవ్విస్తారు.

శేషగిరి: బుర్రకథలో వంత ఎప్పుడు అందుకుంటుంది? కథకుడు ఊపిరి తీసుకునేటప్పుడు. పల్నాటి యుద్ధం చెబుతుండగా తన గోల్ఫ్ సంగతి ఎత్తడు. రిచీ బెనో అనే ఆయన ఉండేవాడు, ఒకప్పటి ఆస్ట్రేలియా కెప్టెన్. తెర మీద బొమ్మకు ఏమైనా కలపగలిగితేనే నోరు విప్పాలన్నది ఆయన నియమం. 2005లో ఇంగ్లండు, ఆస్ట్రేలియాల యాషెస్ సిరీస్, ఓవల్ టెస్టు చివరి రోజు. ఇంగ్లండులో ఆయనకు అదే ఆఖరి కామెంటరీ. నలభై ఏళ్ళకు పైబడిన అనుబంధం. వీడ్కోలు మాటలు మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే 158 పరుగుల మీద ఉన్న ఇంగ్లండు బ్యాటర్ పీటర్సన్ వికెట్లను మెక్‌గ్రాత్ పడగొట్టాడు. ఆయన తన వీడ్కోలు పక్కన పెట్టి వికెట్ సంగతి చెప్పి, మళ్ళీ వదిలిన వాక్యం దగ్గరికి వచ్చాడు. ఇప్పటి వాళ్ళయితే వికెట్టే వాళ్ళ వీడ్కోలు సభలో అడ్డం వచ్చిందని విసుక్కునేవాళ్ళు.

ప్రభాకర్: మౌనం అంత గొప్పదయితే, మీ కల ఒకసారి నిజమైంది కూడా. 1980 డిసెంబరు 20న అమెరికాలో ఎన్‌బీసీ టీవీ వాళ్ళు ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌ను, అంటే వాళ్ళ రకం ఫుట్‌బాల్, అసలు కామెంటేటర్లే లేకుండా ప్రసారం చేశారు. న్యూయార్క్ జెట్స్, మయామీ డాల్ఫిన్స్ ఆడారు. మైదానం శబ్దాలు, తెర మీద అక్షరాలు, అంతే. మరి ఆ పద్ధతి ఎందుకు నిలవలేదు?

శేషగిరి: నిలిస్తే వాళ్ళ జీతాలు ఎవరిస్తారు?

ప్రభాకర్: అలా తేల్చేయకండి. నాకు 1998 షార్జా గుర్తుంది. ఇసుక తుఫాను వచ్చి ఆట ఆగింది. ఆ మ్యాచ్‌లోనే సచిన్ ఆస్ట్రేలియా మీద 143 కొట్టాడు. ఆ ఇన్నింగ్స్ తలచుకుంటే నాకు షాట్ల కన్నా ముందు కామెంటేటర్ టోనీ గ్రెగ్ గొంతు వినిపిస్తుంది. ఆయన పుట్టింది దక్షిణాఫ్రికాలో, కెప్టెన్సీ చేసింది ఇంగ్లండుకు, స్థిరపడింది ఆస్ట్రేలియాలో. మన కుర్రవాడి కోసం మన కన్నా ఎక్కువ మురిసిపోయాడు. ఆ రోజు మీరు శబ్దం తీసేసి చూసి ఉంటే, ఆ ఇన్నింగ్స్‌లో సగమే మీకు దక్కేది.

శేషగిరి: గ్రెగ్‌ను నేను ఏమీ అనలేదు. పిచ్ పగుళ్ళలో తాళంచెవి దించి లోతు చూపించేవాడు. అది నాకు కావలసిన పని. నేను ఇంట్లో కూర్చుని పిచ్‌లో తాళంచెవి పెట్టలేను కదా.

ప్రభాకర్: మరి 2011 వాంఖడే ప్రపంచ కప్ ఫైనల్? శ్రీలంక బౌలర్ కులశేఖర బంతిని ధోనీ లాంగాన్ మీదుగా స్టాండ్‌లోకి పంపినప్పుడు రవిశాస్త్రి చెప్పిన ఆ మాట, తనదైన శైలిలో ముగించాడనీ, ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత కప్పు మనదనీ. ఆ సిక్సర్ చూపించిన ప్రతిసారీ ఆ గొంతు ఉండాల్సిందే. ఉప్పు లేని పప్పు తినగలరా?

శేషగిరి: ఆ ఒక్క వాక్యానికి దండం పెడతాను. నా గొడవ ఆ తర్వాత సంగతి. ఆ గొంతు ప్రపంచ కప్ ఫైనల్ కోసం దాచుకోవాల్సింది. లీగులో ఏడో స్థానం జట్టు, ఎనిమిదో స్థానం జట్టు ఆడుతుంటే, మూడో ఓవర్లో కొట్టిన సిక్సర్‌కూ అదే ఎత్తు అందుకుంటే ఎలా? సంక్రాంతి అరిసెలు రోజూ వండితే పండగనాడు ఏం వండుతావు?

ప్రభాకర్: పిల్లవాడు మొదటిసారి మ్యాచ్ చూస్తుంటాడు బావగారూ. వాడికి ఆ మూడో ఓవరే ఫైనల్.

శేషగిరి: (కాసేపు ఆగి) ఈ మాట బాగుంది. కానీ 2019 ప్రపంచ కప్, లార్డ్స్ ఫైనల్ గుర్తుందా? మ్యాచ్ సమమైంది, తేల్చడానికి ఆడిన సూపర్ ఓవర్ కూడా సమమైంది, బౌండరీల లెక్కతో న్యూజిలాండ్ ఓడిపోయింది. వాళ్ళ బ్యాటర్ గప్తిల్ రనౌట్ అయినప్పుడు మైకు ముందు ఉన్నది ఇయాన్ స్మిత్, న్యూజిలాండ్ మాజీ వికెట్ కీపర్. తన దేశం వెంట్రుకవాసిలో కప్పు పోగొట్టుకుంది. అతని గొంతులో ఆ క్షణం ఎంత పెద్దదో వినిపించింది తప్ప ఏడుపు వినిపించలేదు. మన వాళ్ళలో కొందరు మన బౌలర్ వైడ్ వేసినా అంపైర్ మీద అలుగుతారు.

ప్రభాకర్: చూశారా, స్మిత్ కూడా అరిచాడు! అరుపు మీద మీకు కోపం లేదన్న మాట.

శేషగిరి: లేదు. అరిచేటప్పుడు అతను చూస్తున్నది ఆటనే. ఐపీఎల్ తొలి సీజన్లు గుర్తు చేసుకో. సిక్సర్ కొడితే సిక్సర్ అనకూడదు, డీఎల్ఎఫ్ మ్యాగ్జిమమ్ అనాలి. క్యాచ్ పడితే కార్బన్ కమాల్ క్యాచ్. 2010లో అయితే మైదానం మీద టైర్ల కంపెనీ గాలి ఓడ ఒకటి ఎగిరింది. బౌలర్ పరుగెత్తి వస్తుంటే వీళ్ళు ఆకాశం చూసి దాని అందం వర్ణించారు!

ప్రభాకర్: దానికి నేను వాదించను. గాలి ఓడ కేసు మీరే గెలిచారు. అయితే పాపం, చెవిలో పెట్టుకున్న యంత్రంలోంచి నిర్మాత ఏం చెబితే అది చెప్పాలి వాళ్ళు. ఓవరు అవగానే ప్రకటన, అది అవగానే మళ్ళీ బంతి. వాక్యం పూర్తి చేయడానికి చోటే లేదు. నువ్వు బెనోలా మౌనంగా ఉండు అంటే, ఏ సందులో ఉంటాడు మౌనంగా?

శేషగిరి: అయితే ఉన్న సందులో పనికొచ్చే మాట చెప్పాలి. ఇది విను. ఇదే నా అసలు ఫిర్యాదు. నిన్న పదిహేడో ఓవరు. టీవీలో నాకు కనిపించేది బౌలర్, బ్యాటర్, కీపర్. మిగతా ఫీల్డర్లు కెమెరాకు అవతల. బ్యాటర్ వెనక, కాళ్ళ వైపు ఉండే ఫైన్ లెగ్‌ను లోపలికి పిలిచి, రెండో వైపు థర్డ్ మ్యాన్‌నూ డీప్ పాయింట్‌నూ బౌండరీ దగ్గర నిలబెట్టారంటే, ఆఫ్ స్టంపుకు దూరంగా యార్కర్, అంటే పాదాల వరసలో నేల తాకే బంతి, రాబోతోందని అర్థం. బ్యాటర్‌కు అది తెలుసు. అందుకే ముందే అడ్డంగా జరిగి, ఆ బంతిని ఫైన్ లెగ్ మీదుగా ఎత్తేశాడు. నాలుగు. మన కామెంటేటర్ ఏమన్నాడు? "ఎంత అందమైన షాట్!" అందం నాకూ కనిపించింది. అక్కడికే ఎందుకు కొట్టాడు? అది చెప్పు. బంతి పడక ముందే చెప్పు. అలా చెప్పి, నిజంగా అలాగే జరిగితే, వాడి కాళ్ళకు మొక్కుతాను.

ప్రభాకర్: ఆయన మైదానంలో లేరేమోనండీ. ప్రాంతీయ భాషల వాళ్ళు చాలాసార్లు స్టూడియోలో కూర్చుని చెబుతారు. మీరు చూసే బొమ్మనే వాళ్ళూ చూస్తారు.

శేషగిరి: మరింకేం! నాతో సమానంగా చూసేవాడి దగ్గర నేను నేర్చుకునేది ఏమిటి? దానికి నువ్వు చాలు. కాఫీ అయినా కలిపి ఇస్తావు.

ప్రభాకర్: మీకు అందరూ క్రికెట్ పాఠం చెప్పాలి. అమ్మకు ఆ పాఠం వద్దు. 2018లో తెలుగులో క్రీడల ఛానెల్ వచ్చే వరకు అమ్మకు క్రికెట్ అంటే మనం అరిచినప్పుడు ఉలిక్కిపడటం. ఇప్పుడు ఇంపాక్ట్ ప్లేయర్‌ను, అదే మ్యాచ్ మధ్యలో మార్చుకునే ఆటగాణ్ణి, ఎప్పుడు దించాలో నాకు ఫోను చేసి చెబుతుంది. ఎంఎస్‌కే ప్రసాద్, వేణుగోపాలరావు లాంటి ఆడినవాళ్ళు తెలుగులో చెబుతుంటే విని నేర్చుకుంది. మధ్యలో ఎవరో ప్రాస వేస్తారు, సినిమా డైలాగు కొడతారు. మీకు ఒళ్ళు మండుతుంది, అమ్మ పడీపడీ నవ్వుతుంది.

శేషగిరి: అత్తయ్యగారి మాట తెచ్చావంటే నేనేమీ అనలేను. నీకది తెలుసు, అందుకే తెచ్చావు. కానీ తెలుగు అన్నాక తెలుగు ఉండాలి కదా. "బౌలర్ ఎగ్జిక్యూషన్ పర్ఫెక్ట్‌గా ఉంది" అంటే అందులో తెలుగు "గా ఉంది" మాత్రమే. క్రికెట్ పరాయి ఆట, పోనీ అనుకుందాం. కబడ్డీ మనది. 2014లో ప్రొ కబడ్డీ మొదలైంది. మన పిల్లలు శతాబ్దాలుగా కూతకు వెళ్తున్నారు. టీవీలోకి రాగానే అది రెయిడ్ అయింది. కూత అనే మాటలో ఊపిరి బిగబట్టిన శబ్దం ఉందయ్యా! రెయిడ్ అంటే నాకు ఆదాయపు పన్ను వాళ్ళే గుర్తొస్తారు.

ప్రభాకర్: (నవ్వుతూ) బ్యాంకువారు కదా మీరు. సరే, భాష సంగతి వదిలేయండి. అసలు కామెంటేటర్ మీద చిరాకు పడటం కూడా ఆటలో భాగమేనని నేనంటాను. 2019 ప్రపంచ కప్‌లో కామెంటేటర్ సంజయ్ మంజ్రేకర్ రవీంద్ర జడేజాను అరకొర ఆటగాడన్నట్టు మాట్లాడాడు. దేశమంతా మండిపడింది. న్యూజిలాండ్‌తో సెమీఫైనల్లో జడేజా 59 బంతుల్లో 77 కొట్టాడు. మ్యాచ్ ఓడిపోయాం. అయినా మీరు అర్ధశతకం దగ్గర లేచి నిలబడి టీవీ వైపు వేలు చూపించి "ఇప్పుడు చెప్పరా" అన్నారు. ఆ ఆనందం మీకు ఎవరిచ్చారు?

శేషగిరి: జడేజా.

ప్రభాకర్: సగం జడేజా, సగం మంజ్రేకర్. ఆయన ఆ మాట అనకపోతే మీరు ఎవరికి వేలు చూపిస్తారు?

శేషగిరి: అదే మంజ్రేకర్ ఆ ఏడాదే నవంబరులో కోల్‌కతాలో రాత్రి దీపాల కింద ఆడిన గులాబీ బంతి టెస్టులో ఇంకో పని చేశాడు. ఆ బంతి కనిపిస్తోందో లేదో ఆటగాళ్ళను అడగాలని తోటి కామెంటేటర్ హర్షా భోగ్లే అంటే, ఆడినవాళ్ళకు తెలుసు, నువ్వు అడిగి తెలుసుకోవాలి అన్నట్టు మాట్లాడాడు. తర్వాత తప్పయిందని ఒప్పుకున్నాడు, అది వేరే. భోగ్లే మన హైదరాబాదువాడు, ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివాడు, దేశానికి ఆడలేదు. అందుకే అడుగుతాడు. నేను ఇంట్లో కూర్చుని అడగాలనుకున్నదే ఆయన అక్కడ అడుగుతాడు. టెస్టులు ఆడినవాడు "నాకు తెలుసు" అని ఊరుకుంటే నాకేం ఒరిగింది?

ప్రభాకర్: అంటే ఆడనివాడు మేలంటారు! ఇందాక స్టూడియోలో కూర్చున్నవాడు పనికిరాడన్నారు, ఇప్పుడేమో...

శేషగిరి: నా మాటలు నాకే చుట్టకు. వాడు ఎక్కడ కూర్చున్నాడనేది కాదు, ఎటు చూస్తున్నాడనేది...

(పై అంతస్తు నుంచి ఒక్కసారిగా పెద్ద కేక. కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో గంతులేస్తున్న అదురు. ఇద్దరూ తలెత్తి పైకప్పు వైపు చూస్తారు. టీవీలో బౌలర్ ఇంకా బంతిని ప్యాంటుకు రుద్దుకుంటూ రనప్ దగ్గరికి నడుస్తున్నాడు.)

ప్రభాకర్: వాళ్ళది డిష్ కనెక్షనా?

శేషగిరి: అవును. మనది ఇంటర్నెట్. అర నిమిషం వెనక.

ప్రభాకర్: అయితే ఏదో జరిగిపోయింది.

శేషగిరి: వికెట్టా, సిక్సరా? పైవాడు ఏ జట్టు?

ప్రభాకర్: నాకేం తెలుసండీ, మీ ఇంటి పైవాడు. ఫీల్డింగ్ చూసి చెబుదామంటే ఒక్క ఫీల్డరూ కనిపించడం లేదు.

(శేషగిరి గారు తొడ కింద తడుముకుని రిమోట్ తీస్తారు. శబ్దం పెడతారు. బౌలర్ పరుగు మొదలుపెట్టాడు.)

ప్రభాకర్: బావగారూ, చూశారా, చివరికి మీరే...

శేషగిరి: ష్! నువ్వు మాట్లాడకు. ఆయన ఏదో చెబుతున్నాడు.