దిండు లాగేసిన వారిపై ఫిర్యాదు

ఆపరేషన్ చేయించుకున్న మనిషికి లోకంలో ఒక గౌరవం ఉంది. మత్తిస్తారు, మెలకువ వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది. ఇందులో మన శ్రమ ఏమీ లేకపోయినా, చూడడానికి వచ్చినవాళ్ళంతా "ఎంత ధైర్యమండీ మీది!" అని మనల్నే మెచ్చుకుంటారు. వైద్యమంటే ఇలా ఉండాలి. ఈ మర్యాదంతా మంటగలపడానికే ఫిజియోథెరపిస్టు అనే వ్యక్తిని నియమించారు.

మోకాలి కీలు మార్పిడి అయినవాళ్ళను చాలాచోట్ల అదే రోజో మర్నాడో లేపి నడిపించేస్తున్నారు. కుట్లు ఆరలేదు, పరామర్శకు రావలసిన బంధువుల్లో సగం మంది ఇంకా బయల్దేరనే లేదు. తీరా వాళ్ళు వచ్చేసరికి రోగి వాకర్ పట్టుకుని వరండాలో తిరుగుతుంటే, మోసుకొచ్చిన సానుభూతిని వాళ్ళేం చేసుకోవాలి? ఎందుకంత తొందర అని అడిగితే, కదలకపోతే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చట, తొడ కండరం కరిగిపోతుందట, కీలు బిగుసుకుంటుందట. నిజమే. కానీ నిజం చెప్పడానికి కూడా ఒక వేళంటూ ఉండొద్దా?

అసలు ఫిర్యాదు దిండు గురించి. నొప్పెడుతున్న మోకాలి కింద మెత్తటి దిండు పెట్టుకుంటే కలిగే సుఖం అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఫిజియోథెరపిస్టు గదిలో అడుగు పెట్టగానే, పలకరింపు కూడా పూర్తికాకముందే, ఆ దిండు లాగేస్తారు. మోకాలు కాస్త వంచి ఉంచితే హాయిగానే ఉంటుంది కానీ, అలాగే అలవాటైతే వంగినచోటే బిగుసుకుపోతుందని, తర్వాత కాలు పూర్తిగా చాపలేక కుంటవలసి వస్తుందని వాళ్ళ వాదన. సరే, తీసేశారు. అంతటితో ఊరుకుంటారా? దాన్నే తీసుకెళ్ళి మడమ కింద పెడతారు. ఇప్పుడు మోకాలి కింద ఖాళీ. కాలు తన బరువుకు తానే మెల్లగా చాచుకుంటూ ఉంటుంది, మనం పైకప్పు చూస్తూ ఉంటాం. మూరెడు దూరం జరిపేసరికి అదే దిండు శిక్షగా మారడం ఏ న్యాయశాస్త్రంలో ఉందో చెప్పాలి.

పైగా నిఘా ఒకటి. గోనియోమీటర్ అని, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలిచేది, రెండు పుల్లలు కలిపినట్టుండే పరికరం ఉంటుంది. ఇంట్లో వ్యాయామాలు చేస్తున్నారా అంటే "రోజూ చేస్తున్నానండీ" అని మనం పెద్దరికంగా చెబుతాం. వాళ్ళు మారుమాట్లాడకుండా దాన్ని మోకాలికి ఆనించి కిందటి వారం అంకె, ఈ వారం అంకె పక్కపక్కన రాస్తారు. రెండూ ఒకటే. పెద్దమనిషి మాట కన్నా ప్లాస్టిక్ ముక్కకు విలువెక్కువైన కాలం ఇది. మామూలుగా నడవాలంటే మోకాలు 65, 70 డిగ్రీలైనా వంగాలని, కుర్చీలోంచి సులువుగా లేవాలంటే 90 దాటాలని లెక్క చెబుతారు. కుర్చీలోంచి లేస్తామని మేమెప్పుడైనా మాటిచ్చామా?

వాళ్ళ లెక్కల సంగతి కూడా చెప్పాలి. కాలు పదిసార్లు ఎత్తితే చాలంటారు. ఎనిమిది, తొమ్మిది దాకా సజావుగా నడిచి, "కాలు సరిగా ఎత్తలేదు, అది లెక్కలోకి రాదు" అని మళ్ళీ తొమ్మిది.

మోకాలి ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ తెగి, కొత్తది వేయించుకున్న కుర్రాళ్ళది ఇంకో బాధ. నొప్పి తగ్గింది, మూడో నెలలోనే గ్రౌండులోకి దిగుతామని వాళ్ళు ఉత్సాహపడితే కూర్చోబెడతారు. నొప్పి తగ్గినా కొత్త లిగమెంట్ లోపల ఇంకా గట్టిపడలేదట. తొమ్మిది నెలలైనా ఆగాలట, రెండో కాలి బలంలో 90 శాతమైనా ఈ కాలికి రావాలట. పడుకుంటామన్నవాళ్ళను లేపడం, పరిగెత్తుతామన్నవాళ్ళను ఆపడం. చేతికర్ర కూడా నొప్పి ఉన్న వైపు పట్టుకోబోతే, బాగున్న కాలి వైపుకు మార్పిస్తారు. రోగికి ఏది తోస్తే దానికి ఎదురు చెప్పడమే ఈ శాస్త్రం మొత్తం అని తేలిపోవడం లేదా?

మా కోరికలు పెద్దవేమీ కావు. రోగి తరఫున వ్యాయామాలు కుటుంబసభ్యుల్లో ఎవరైనా చేసిపెట్టే వెసులుబాటు కల్పించాలి. తోడల్లుడైతే మరీ మంచిది, ఆయన ఎలాగూ "ఇదేం పెద్ద కష్టం" అంటున్నాడు. వ్యాయామాల బొమ్మల కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించి రోజూ చూస్తున్నందుకు కనీసం రెండు డిగ్రీలు కలపాలి. ఇక నడక బాగా వస్తే ఆ పేరు సర్జన్‌కి దక్కాలి, రాకపోతే నింద ఫిజియోథెరపిస్టు మోయాలి. ఈ ఆఖరిదానికి మాత్రం కొత్తగా ఉత్తర్వులేమీ అక్కర్లేదు, ఎప్పటినుంచో అమల్లోనే ఉంది.