మూలం ఇచ్చాక కూడా కాపీయేనా?

రామప్ప గుడి గురించిన వికీపీడియా పేజీలో ఒక రిటైర్డ్ తెలుగు సారు మూడు పేరాలు చేర్చారు. మొదటి రెండూ ఏదో ఉత్సవాల సావనీరులోవి. మూడోది పదేళ్ళ కిందట ఒక మాసపత్రికలో తానే రాసిన వ్యాసంలోది. గంట తిరక్కుండా మూడూ పోయాయి. వాటిని తీసేసిన నిర్వాహకురాలికీ ఆయనకూ మధ్య జరిగిన వాదన ఇది. ఊహించి రాసిందే అయినా, వికీ చర్చాపేజీల్లో తిరిగేవాళ్ళకు ఇందులో కొత్త గొంతులేమీ వినపడవు. నేను తటస్థుణ్ణని చెప్పుకోను. నా మొగ్గు ఆవిడ వైపే. అయినా సారు దగ్గర సరుకు లేకపోలేదు.

సారు: నేను దొంగనా అమ్మా?

నిర్వాహకురాలు: అయ్యో, ఎవరన్నారు సార్?

సారు: నువ్వే అన్నావు. నా చర్చాపేజీలో ఇంత పెద్ద డబ్బా కట్టి ‘కాపీహక్కుల ఉల్లంఘన’ అని పెట్టావు. పేరా చివర సావనీరు పేరు, సంవత్సరం, పేజీ నంబరు అన్నీ ఇచ్చాను. దొంగ ఎవడైనా సొమ్ము ఎవరిదో రాసిపెట్టి పోతాడా?

నిర్వాహకురాలు: మూలం ఇవ్వడం వేరు, అనుమతి ఉండడం వేరు సార్. మూలం చదివేవాళ్ళ కోసం, చెప్పిన సంగతి నిజమో కాదో వాళ్ళు చూసుకోవడానికి. అనుమతి మాత్రం రాసినాయన ఇవ్వాలి. మీరు ‘మార్పులను ప్రచురించు’ అనే మీట నొక్కారు చూడండి, దాని దగ్గర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. ‘నేను రాసినదాన్ని క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 4.0 కింద, జీఎఫ్‌డీఎల్ కింద విడుదల చేస్తున్నాను, ఇక వెనక్కి తీసుకోను’ అని దాని సారాంశం. ఆ రెండూ మన రాత ఎవరైనా వాడుకోవచ్చని చెప్పే లైసెన్సులు. అంటే ఆ పేరాను ఎవరైనా ఎత్తి రాసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పుస్తకం వేసి అమ్ముకోవచ్చు. రాసినవాళ్ళ పేరు చెప్పాలి, మార్చి వేసినదాన్ని కూడా అదే షరతు మీద వదలాలి, అంతే. సావనీరులో రాసినాయన ఈ మాట ఎవరికీ ఇవ్వలేదు. ఆయన తరఫున మీరు ఇచ్చేశారు. పక్కవాళ్ళ పొలానికి మనం దానపత్రం రాసిచ్చినట్టు.

సారు: ఆ సావనీరులో కాపీరైట్ అన్న ముక్క ఎక్కడా లేదు.

నిర్వాహకురాలు: ఉండక్కర్లేదు. రిజిస్టర్ చేయించక్కర్లేదు, గుర్తు వేయక్కర్లేదు. 1957 నాటి మన చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది.

సారు: ఎన్నాళ్ళు?

నిర్వాహకురాలు: రచయిత బతికినన్నాళ్ళూ, పోయాక మరో 60 ఏళ్ళు. పోయిన రోజు నుంచి కాదు, ఆ పై ఏడు జనవరి 1 నుంచి లెక్క. గురజాడ 1915లో పోయారు, కందుకూరి 1919లో, కొమర్రాజు లక్ష్మణరావు 1923లో, గిడుగు 1940లో. వీళ్ళు రాసినవి నిశ్చింతగా వాడుకోండి. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు కాబట్టి 2014 జనవరి 1 నుంచి మన దేశంలో అడ్డు లేదు. విశ్వనాథ 1976, కాబట్టి 2037 దాకా ఆగాలి. చలం 1979, 2040 దాకా. శ్రీశ్రీ 1983, 2044 దాకా. మొదట్లో ఇది 50 ఏళ్ళే. 1941లో పోయిన టాగోర్ రచనల గడువు ముగిసే వేళకు దాన్ని 60 చేశారు. ఇంకో మెలిక, వికీపీడియా సర్వర్లు అమెరికాలో ఉన్నాయి. 1941లోనూ ఆ తర్వాతా పోయిన మనవాళ్ళ పుస్తకాలకు, ప్రచురించిన ఏడాది నుంచి 95 ఏళ్ళు అనే అక్కడి లెక్క కూడా చూసుకోవాలి. మళ్ళీ మన చట్టానికి వస్తే, రచయిత పేరే లేకపోతే ప్రచురణ నుంచి 60 ఏళ్ళు. ప్రభుత్వం వేసిన పుస్తకానికీ అంతే, ‘ప్రభుత్వానిది కదా, ప్రజలదే’ అనుకోకూడదు. గెజిట్లో వచ్చినవీ కోర్టు తీర్పులూ వేరు, వాటిని తిరిగి వేసుకోవడానికి చట్టమే వీలిచ్చింది.

సారు: వేమన పద్యానికి ఎవరి అనుమతి తెమ్మంటావు?

నిర్వాహకురాలు: పద్యానికి ఎవరిదీ అక్కర్లేదు. దాని కింద తాత్పర్యం ఉంటుంది చూడండి, కొత్తవాళ్ళందరూ పడేది అక్కడే. పద్యం వేమనది. తాత్పర్యం మొన్నమొన్న పుస్తకం వేసినాయనది. అన్నమయ్య కీర్తన సాహిత్యం అందరిదీ. దాన్ని పాడి వేసిన రికార్డుకు మళ్ళీ వేరే 60 ఏళ్ళు.

సారు: సరే, ఇప్పుడు నా మాట విను బిడ్డా. ఊరి చరిత్ర రాసుకుని, సొంత డబ్బుతో ఐదు వందల కాపీలు వేసుకున్నవాళ్ళు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ఆయన పోయాడు. పిల్లలు ఎక్కడున్నారో తెలియదు, తెలిసినా వాళ్ళకు తెలుగు చదవడం రాదు. పుస్తకం గ్రంథాలయంలో ఒక్క కాపీ మిగిలింది, దాన్నీ చెదలు తింటోంది. నేను టైపు చేసి పెడదామంటే చట్టం అడ్డం. అనుమతి అడుగుదామంటే మనిషి లేడు. ఈ చట్టం ఎవరిని కాపాడుతున్నట్టు? రచయితనా, చెదపురుగునా?

నిర్వాహకురాలు: దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు సార్. హక్కుదారు దొరకని పుస్తకాలకు లైసెన్సు అడిగే దారి చట్టంలో ఉంది గానీ, అది కోర్టు మెట్లెక్కే దారి. ఐదు వందల కాపీల పుస్తకం కోసం ఎవరెక్కుతారు? కానీ ఒక మాట. ఆ పుస్తకంలో మీకు కావలసింది ఏమిటి? వాక్యాలా, సంగతులా?

సారు: రెండూ.

నిర్వాహకురాలు: సంగతుల మీద ఎవరికీ హక్కు లేదు. 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. ఆలోచనకూ, కథావస్తువుకూ, చారిత్రక విషయానికీ కాపీరైట్ ఉండదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుంది. చెరువు ఎవరు తవ్వించారు, ఏ శాసనంలో ఉంది, ఏ ఏట గండి పడింది, ఇవన్నీ తీసుకోండి, పేజీ నంబరుతో మూలం ఇవ్వండి. వాక్యం మాత్రం మీది కావాలి.

సారు: అదీ చేశాను. రెండో పేరాలో మాటలు మార్చాను. అయినా తీసేశావు.

నిర్వాహకురాలు: పక్కపక్కన పెట్టి చూద్దాం. సావనీరులో ఇలా ఉంది: ‘కాకతీయ శిల్పకళా వైభవానికి మకుటాయమానమై చూపరుల కన్నులకు విందుచేసే రామప్ప దేవాలయాన్ని క్రీ.శ. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు నిర్మింపజేశాడు.’ మీరు రాసింది: ‘కాకతీయ శిల్ప వైభవానికి కిరీటం వంటిదై సందర్శకుల కళ్ళకు పండుగ చేసే రామప్ప గుడిని 1213లో గణపతిదేవుని సేనాధిపతి రేచర్ల రుద్రుడు కట్టించాడు.’ మకుటం కిరీటమైంది, విందు పండుగైంది. వాక్యం ఎముకల గూడు అదే, పైన చొక్కా మారింది. మీరు దాన్ని ఎదురుగా పెట్టుకుని రాశారు, అందుకే అలా వస్తుంది. చదవండి, పుస్తకం మూయండి, కాగితం మీద ముక్కలు మాత్రం వేసుకోండి: పాలంపేట, ములుగు జిల్లా. రేచర్ల రుద్రుడు. గణపతిదేవుడు. 1213, శాసనం. యునెస్కో, 2021. వీటికి రెండో పుస్తకంలోంచి ఇంకో రెండు కలపండి. అప్పుడు రాయండి. ‘రామప్ప గుడి ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీన్ని కట్టించినట్టు అక్కడి శాసనం చెబుతోంది. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.’ ఒక్కటే మూలం నుంచి పేరా అంతా రాస్తే వరస కూడా దానిదే వచ్చేస్తుంది. రెండు మూలాలుంటే ఆ బెడద సగం పోతుంది.

సారు: చప్పగా ఉంది.

నిర్వాహకురాలు: విజ్ఞాన సర్వస్వం కదా సార్, చప్పగానే ఉంటుంది. ఆ ‘కన్నులకు విందు’ ఎలాగూ కాపీహక్కు లేకపోయినా తీసేసేదాన్నే.

సారు: ముందు ఆ మాట మార్చండి మీరు. ‘కాపీహక్కు’ ఏంది? వింటే కాపీ కొట్టుకునే హక్కు అన్నట్టుంది! కొత్తవాడు తప్పు చేయడా మరి? పాత పుస్తకాల మీద ‘గ్రంథస్వామ్యం’ అని ఎంత నిండుగా ఉండేది.

నిర్వాహకురాలు: ఫొటోకు గ్రంథమేమిటి సార్? పాటకు? సాఫ్ట్‌వేర్‌కు?

సారు: అయితే కర్తృస్వామ్యం అనండి.

నిర్వాహకురాలు: కర్త ఒకరు, స్వామి ఒకరు అయ్యే సందర్భాలున్నాయే! ప్రభుత్వోద్యోగి డ్యూటీలో భాగంగా రాసిన నివేదికకు స్వామి ప్రభుత్వం.

సారు: నకలు హక్కు?

నిర్వాహకురాలు: రచ్చబండలో, అదే వికీలో అందరూ చర్చించుకునే పేజీలో పెట్టండి, వంద మంది వస్తారు, వంద మాటలు చెబుతారు. మీ మూడో పేరా సంగతి చూద్దామా?

సారు: చూడాల్సిందే. అది నా వ్యాసం. కర్తనూ నేనే, స్వామినీ నేనే. నాది నేను కాపీ కొట్టానంటావా?

నిర్వాహకురాలు: మీరే ఆయన అని నాకెలా తెలుస్తుంది? వాడుకరి పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. మీ పేరుతో ఇంకొకరు వచ్చి మీ వ్యాసం దానం చేసేస్తే ఊరుకుంటారా? రెండోది, పత్రికకు హక్కులు రాసిచ్చారా?

సారు: ఏదో కాగితం మీద సంతకం పెట్టినట్టు గుర్తు. వివరాలేవీ లేవు అందులో.

నిర్వాహకురాలు: అలాగైతే మీకు మంచిదే. హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎన్నాళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అనుకోవాలంటుంది చట్టం. పదేళ్ళయింది కదా. కాగితం ఒకసారి తీసి చూసుకోండి, ఆపైన వికీమీడియా వాలంటీర్ బృందానికి ఈమెయిలు పెట్టండి, వీఆర్‌టీ అంటారు. వ్యాసం పేరు, ఏ పత్రిక, ఏ సంచిక, ఎన్నో పేజీ, హక్కుదారు నేనే అనే మాట, లైసెన్సు పేరు వెర్షన్ నంబరుతో సహా, అన్నీ ఉండాలి. అమ్ముకోవడానికీ మార్చుకోవడానికీ కూడా ఒప్పుకుంటున్నానని విడిగా రాయాలి. మీరెవరో బయట తెలిసే చిరునామా నుంచి పంపితే పని త్వరగా అవుతుంది. ఒక టికెట్ నంబరు వస్తుంది. దాన్ని చర్చాపేజీలో పెట్టాక మీ పేరా వెనక్కి తెస్తాం.

సారు: ఆగాగు. అమ్ముకోవడానికా? నా వ్యాసాన్ని ఎవడో గైడులో వేసి అమ్ముకోవచ్చా?

నిర్వాహకురాలు: మీ పేరు వేసి అమ్ముకోవచ్చు.

సారు: మార్చి?

నిర్వాహకురాలు: మార్చి. మొదట నేనే మారుస్తాను. ‘మహాద్భుతం’ మూడు చోట్ల ఉంది.

సారు: విద్యార్థులకు మాత్రమే, వ్యాపారానికి కాదు అని రాస్తే?

నిర్వాహకురాలు: ఆ షరతు ఉంటే వికీపీడియాలో చెల్లదు.

సారు: అయితే ఇవ్వను. రెండేళ్ళు తిరిగి రాసింది. ఎవడో అమ్ముకోవడానికి నేనెట్లా ఇస్తాను?

నిర్వాహకురాలు: ఇవ్వకండి, మీ ఇష్టం. కానీ సావనీరాయన ఎన్నేళ్ళు తిరిగాడో ఏమో, ఆయనది మాత్రం ఇచ్చేశారు.

సారు: …అది వేరు.

నిర్వాహకురాలు: ఎట్లా?

సారు: సరే, ఆ సంగతి వదిలెయ్. ఇంకోటి అడుగుతాను. ఎట్లా పట్టావు? సావనీరు నెట్‌లో లేదు. ఉన్నా యూనికోడ్ కాని ‘అను’ ఫాంటులో ఉంటుంది, మీ మిషన్లు చదవలేవు.

నిర్వాహకురాలు: నిజమే, కాపీ పట్టే పనిముట్టు యూనికోడ్‌లో ఉన్న తెలుగునే వెతుకుతుంది. స్కాన్ చేసిన పుస్తకం దానికి బొమ్మే. మిమ్మల్ని పట్టించింది ఓసీఆర్, అంటే స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు తీసే పనిముట్టు. వాక్యం మధ్యలో ‘ప్రత్యేక సంచిక 14’ అని వచ్చింది. అది పేజీ తలకట్టు. ‘దేవా లయం’, ‘శిల్ప కళ లో’ అని మాటలు విరిగాయి. అవి పంక్తి చివర విరిగినవి. పైగా ‘ముందు పేజీలలో వివరించినట్లు’ అని ఉంది. వికీలో ముందు పేజీ ఎక్కడిది సార్?

సారు: అది చూసుకోలేదు. ఒప్పుకుంటాను. కానీ నువ్వు కూడా ఒకటి ఒప్పుకో. మీట దగ్గర ఉన్న ఆ వాక్యం చీమ తలకాయంత ఉంది. నొక్కేముందు ఎవరూ చెప్పలేదు. నొక్కాక గంటలో తీసేశారు. తీసేయడానికి ఉన్న తీరిక నాలుగు ముక్కలు చెప్పడానికి లేకపాయె! డబ్బా అతికించి పోయావు. నాకు ఓపిక ఉంది కాబట్టి ఇక్కడ కూర్చుని తగాదా పడుతున్నాను. పదిమందిలో తొమ్మిదిమంది ఇంకోసారి ఇటు రారు. తెలుగులో రాసేవాళ్ళే తక్కువని మీరే ఏడుస్తారు.

నిర్వాహకురాలు: డబ్బా విషయం ఒప్పుకుంటాను. దాని కింద నా మాటల్లో రెండు వాక్యాలు రాయాల్సింది. గంట విషయం మాత్రం ఒప్పుకోను. మీ పేరా ఉండిపోయిందనుకోండి. ఒకరు అక్షరదోషాలు దిద్దుతారు, ఇంకొకరు నాలుగు వాక్యాలు మధ్యలో చేరుస్తారు. మూడేళ్ళకు ఎవరో పట్టుకుంటే ఏ వాక్యం ఎవరిదో విడదీయలేక, మీరు చేర్చకముందు కూర్పుకు తీసుకెళ్ళాలి. ఆ ఇద్దరి కష్టమూ పోతుంది. పేజీలో తీసేసినా, పాత కూర్పులు కనపడే పేజీ ‘చరిత్ర’లో ఉంటుంది కాబట్టి ఆ కూర్పులన్నీ దాచాలి. మొదటి గంటలో అయితే ఒక్క కూర్పుతో పోతుంది.

సారు: ఇంగ్లీషు వికీపీడియా నుంచి అనువాదం చేస్తే అన్నా మీ బాధ లేదు కదా?

నిర్వాహకురాలు: అక్కడా ఉంది. వాళ్ళూ పేరు చెప్పమనే షరతు మీదే రాశారు. అనువాద పనిముట్టు వాడితే ఆ సంగతి అదే రాస్తుంది. చేత్తో చేస్తే దిద్దుబాటు సారాంశంలో, అంటే ఏం మార్చారో రాసే గడిలో, ‘ఇంగ్లీషు వికీపీడియాలోని ఫలానా పేజీ నుంచి అనువాదం’ అని లింకు ఇవ్వాలి.

సారు: ఫొటోలు?

నిర్వాహకురాలు: మీ ఫోనుతో మీరు తీసినవి కామన్స్‌లో, అదే వికీ ఫొటోలుండే సైటులో ఎక్కించండి. గూగుల్లో దొరికినవీ, వాట్సాప్‌లో వచ్చినవీ వద్దు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాన్ని ఫొటో తీసి పెట్టవచ్చు, ట్యాంక్‌బండ్ మీదివి అలా పెట్టినవే. గోడమీది బొమ్మకూ ఫ్లెక్సీకీ ఆ వెసులుబాటు లేదు.

సారు: మా తాత తీయించిన గుడి ఫొటో ఒకటుంది. 1940 నాటిది.

నిర్వాహకురాలు: అది బంగారం సార్. 1958కి ముందు తీసిన ఫొటోలకు కామన్స్‌లో పాత చట్టం లెక్కే చూస్తారు, తీసిన నాటి నుంచి 50 ఏళ్ళు. 1990తోనే అయిపోయింది. ‘సొంత కృతి’ అని మాత్రం పెట్టకండి. తీసిన ఏడు రాయండి, ఎక్కడ దొరికిందో రాయండి.

సారు: సరే, ప్రయోగశాలలో, అదే రాసి చూసుకునే పేజీలో ఈ వాక్యం రాశాను చూడు. ‘గుడి శిఖరానికి నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు.’

నిర్వాహకురాలు: బాగుంది. మూలమేది?

సారు: ఆ సావనీరే. పేజీ 14.

నిర్వాహకురాలు: ఇవ్వండి, ఇప్పుడు సరిపోతుంది.

సారు: అంటే కాపీ కొడితే మూలం ఇచ్చినా పనికిరాదు, కాపీ కొట్టకపోయినా మూలం ఇవ్వాలి. ఏం లెక్క బిడ్డా ఇది?

నిర్వాహకురాలు: అదే లెక్క సార్. దిద్దుబాటు సారాంశం ఖాళీగా వదిలారు, అదీ రాసి నొక్కండి.