నిమ్మకాయ పిండే యంత్రం మీద మహాయుద్ధం

చరిత్రకారులంటే నాకు గౌరవమే గాని, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత నాలుగు దశాబ్దాలకు పైగా అమెరికాకూ సోవియట్ యూనియన్‌కూ మధ్య సాగిన తగాదాను వాళ్ళు సిద్ధాంతాల పోరాటమనీ, అణ్వాయుధాల పోటీ అనీ, అంతరిక్ష పందెమనీ లావుపాటి గ్రంథాల్లో వర్ణించడం చూసినప్పుడల్లా, అసలు సంగతిని మొహమాటానికి దాచిపెడుతున్నారేమో అనిపిస్తుంది. అది వంటింటి తగాదా. పక్కింటి పొయ్యి మీద ఏ కూర ఉడుకుతోందో వాసన పట్టి, మా ఇంట్లోనూ ఇవాళ మాంసమేనని వీధి వీధంతా వినబడేలా చెప్పుకొని, తీరా పిల్లల కంచాల్లో మజ్జిగన్నం వడ్డించే సంసారాలు మన ఊళ్ళల్లో మాత్రం లేవా? తేడా అల్లా ఈ రెండు సంసారాల అటకల మీద హైడ్రోజన్ బాంబులు ఉండటమే.

నా వాదానికి మొదటి సాక్ష్యం 1959 జులై 24న మాస్కోలోని సొకోల్నికీ పార్కులో దొరుకుతుంది. అమెరికా వాళ్ళు అక్కడ తమ జాతీయ ప్రదర్శన పెట్టారు. ఆరు వారాల్లో సుమారు 27 లక్షల మంది దాన్ని చూసి వెళ్ళారు. అందులో ఒక నమూనా ఇల్లు ఉంది. జనం నడవడానికి వీలుగా దాన్ని నిలువునా రెండుగా చీల్చి మధ్యలో దారి వదిలారు గనుక, సోవియట్ల తొలి ఉపగ్రహం స్పుత్నిక్ పేరుకు ప్రాసగా దానికి 'స్ప్లిట్నిక్' అని ముద్దుపేరు వచ్చింది. ఆ ఇంటి వంటగది ముందు, అడ్డుకమ్మీని ఆనుకొని, అమెరికా ఉపాధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్, సోవియట్ ప్రధాని నికితా క్రుశ్చేవ్ వేళ్ళు చూపించుకుంటూ వాదించుకున్నారు. వాళ్ళను అటు నడిపించింది ఏ దేశపు విదేశాంగ శాఖా కాదు. ఆ ఇంటిని ప్రదర్శనకు పెట్టిన బిల్డర్ల తరఫున ప్రచారం చూసుకునే విలియం సఫైర్ అనే యువకుడు. ప్రపంచ శాంతి భవితవ్యం తేలవలసిన చర్చకు వేదిక ఏర్పాటు చేసినవాడు నిజానికి ఇళ్ళు అమ్ముకునే పనిమీద ఉన్నాడన్న మాట. ఫొటో కూడా ఆయనే తీశాడు. అందులో ఒక పక్కగా, నోరు మెదపకుండా నిలబడ్డ కనుబొమల పెద్దమనిషి పేరు బ్రెజ్నేవ్. అయిదేళ్ళు తిరిగేసరికి క్రుశ్చేవ్ కుర్చీ ఆయనదైంది. వంటింటి గొడవల్లో అరిచే తోడికోడలి కన్నా అరవని తోడికోడలిని కనిపెట్టుకొని ఉండాలన్న ఇంగితం మార్క్సిజంలో లేకపోవడం ఒక లోపమే.

వాదన బట్టలు ఉతికే యంత్రంతో మొదలైంది. ఆడవాళ్ళ పని తేలిక చేయడమే తమ ఉద్దేశమని నిక్సన్ అన్నాడు. ఆడవాళ్ళ పట్ల ఇలాంటి పెట్టుబడిదారీ దృష్టి మా దగ్గర లేదని క్రుశ్చేవ్ జవాబిచ్చాడు. ఉతికే బాధ్యత మగవాళ్ళు కూడా పంచుకోవచ్చునన్న మూడో ప్రతిపాదన ఇటు పెట్టుబడి నుంచీ అటు శ్రమ నుంచీ కూడా రాలేదు. రెండు వ్యవస్థల మధ్య శాంతియుత సహజీవనానికి గట్టి పునాది ఉందని నేను నమ్మేది ఇక్కడే. తరువాత నిక్సన్, ఈ ఇంటి ధర 14,000 డాలర్లేననీ, తమ దేశంలో ఉక్కు కార్మికుడెవడైనా దీన్ని కొనుక్కోగలడనీ చెప్పాడు. ఆ సమయానికి అమెరికాలో దాదాపు 5 లక్షల మంది ఉక్కు కార్మికులు సమ్మెలో ఉన్నారు. ఇలాంటి ఇళ్ళకు మారుపేరుగా నిలిచిన లెవిట్‌టౌన్ అనే కాలనీల్లో నల్లవాళ్ళకు ఇల్లు అమ్మకపోవడమే వాటిని కట్టిన కంపెనీ పద్ధతి. కాబట్టి 'ఎవడైనా' అన్న మాటకు కొంత వ్యాఖ్యానం అవసరం.

క్రుశ్చేవ్ తక్కువ తినలేదు. మీ ఇళ్ళు ఇరవై ఏళ్ళకు కూలిపోయేలా కడతారు, అప్పుడే మళ్ళీ అమ్ముకోవచ్చునని. మేము మా పిల్లల కోసం, మనవల కోసం కడతాం అన్నాడు. అప్పటికే ఆయన హయాంలో దేశమంతటా కాంక్రీటు పలకలు అతికించి లేపుతున్న అయిదంతస్తుల భవనాలను చాలాచోట్ల పాతికేళ్ళ తాత్కాలిక అవసరానికని తలపెట్టారు. జనం వాటికి ఆయన పేరే పెట్టి 'క్రుశ్చోవ్కా' అన్నారు. అయితే మనవల సంగతిలో ఆయన అబద్ధమాడలేదని ఒప్పుకోవాలి: తాత్కాలికమన్న ఆ ఇళ్ళల్లో ఈనాటికీ మనవలు కాపురం ఉంటూనే ఉన్నారు.

ఇంతలో ఒక యంత్రం మీద క్రుశ్చేవ్ కన్ను పడింది. నిమ్మకాయ పిండటానికి యంత్రమా అని ఆయన ఎగతాళి చేశాడు. టీలో రెండు చుక్కలు పిండుకోవడానికి చేతులు చాలవా అన్నాడు. అన్నాన్ని నోట్లో పెట్టి లోపలికి తోసే యంత్రం కూడా మీ దగ్గర ఉందా అని అడిగాడు. ఈ ప్రశ్నను హాస్యంగా కొట్టిపారేయకూడదు. నోటికీ అన్నానికీ మధ్య దూరాన్ని తగ్గించే యంత్రం ఆనాడు ఏ దేశానికి ఎక్కువ అవసరమో ఆయనకు తెలియనిది కాదు.

ఎందుకంటే 1957 మే నెలలోనే, తలసరి మాంసం, పాలు, వెన్న ఉత్పత్తిలో కొద్ది ఏళ్ళలోనే అమెరికాను అందుకుని తీరతామని ఆయన ప్రకటించి ఉన్నాడు. ఆ మాటను ర్యాజాన్ ప్రాంతపు పార్టీ కార్యదర్శి అలెక్సీ లరియోనోవ్ మనస్ఫూర్తిగా నమ్మాడు, లేదా నమ్మినట్టు కనబడక తప్పలేదు. ప్రభుత్వానికి అందించే మాంసాన్ని ఒక్క ఏడాదిలో మూడింతలు చేసి, 1,50,000 టన్నులకు చేరుస్తానని ఆయన మాటిచ్చాడు. పశువుకు మూడింతలు ఎదగాలన్న రాజకీయ చైతన్యం లేదు. అందుచేత మాంసానికి పెంచినవి అయిపోయాక పాడి ఆవులను కోశారు. పాడి ఆవులు అయిపోయాక ఈనవలసిన పశువులను కోశారు. రైతుల పెరళ్ళలో కట్టేసి ఉన్నవాటిని తోలుకుపోయారు. అదీ చాలకపోతే చుట్టుపక్కల ప్రాంతాలకు మనుషులను పంపి అక్కడి మాంసం కొనుక్కొచ్చి, ర్యాజాన్ మాంసమని లెక్కలో రాయించారు. 1959 చివర లెక్క సరిపోయింది. లరియోనోవ్ ఛాతీ మీద 'సోషలిస్టు శ్రమ వీరుడు' బంగారు నక్షత్రం మెరిసింది. మరుసటి ఏడాది ఇంకా ఎక్కువ ఇస్తామన్న మాట మీద వచ్చినది సుమారు 30,000 టన్నులు. కోడిని ఒక్కసారే కోస్తాం గదా. 1960 సెప్టెంబరులో లరియోనోవ్ తుపాకీతో కాల్చుకొని చనిపోయాడు. అమెరికాలోని ఏ కసాయివాడికీ ఈ పోటీ జరిగినట్టయినా తెలియదు.

మాంసం లేకపోయినా మాంసం భాష మిగిలింది. మా కర్మాగారాల్లో క్షిపణులు సాసేజీల్లాగా వరసగా బయటికి వస్తున్నాయని క్రుశ్చేవ్ గొప్పలు పోయాడు. వింటున్నవాళ్ళలో సాసేజీ కోసం క్యూలో నిలబడిన సోవియట్ గృహిణికి ఈ పోలిక వల్ల క్షిపణుల ఉత్పత్తి మీద అనుమానం కలిగి ఉండాలి. కాని వాషింగ్టన్‌లో సాసేజీలకు క్యూలు లేవు గనుక అక్కడివాళ్ళు నమ్మేశారు. సోవియట్లకు క్షిపణులు ఎక్కువ, మనకు తక్కువ అన్న బెంగ 1960 అధ్యక్ష ఎన్నికల్లో కెన్నెడీకి ప్రచారాస్త్రమైంది. మరుసటి ఏడాది గూఢచారి ఉపగ్రహాల ఫొటోలు పరిశీలిస్తే, అమెరికాను చేరగల సోవియట్ క్షిపణులు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే కనబడ్డాయి. లోటు ఉన్నమాట నిజమే, అయితే అది అవతలి ఇంట్లో ఉంది. ఇంత శుభవార్త విన్న అమెరికా ఆయుధాలు తయారు చేయడం మానలేదు. 1967 నాటికి దాని అణ్వాయుధాలు 31,000 దాటాయి. అవమానపడ్డ సోవియట్లు 1980ల నడుమకు సుమారు 40,000తో ఆ లెక్కను దాటేశారు. అమెరికాను అందుకుని దాటేసిన వంటకం చివరకు ఇదొక్కటే.

1962 జూన్ 1న సోవియట్ యూనియన్‌లో మాంసం ధర సుమారు 30 శాతం, వెన్న ధర 25 శాతం పెరిగాయి. నోవోచెర్కాస్క్‌లో రైలింజన్ల ఫ్యాక్టరీ కార్మికులు పని ఆపారు. మాంసం కొనలేకపోతే కాలేయం కూరిన కజ్జికాయలు తినమని అక్కడి డైరెక్టరు సలహా ఇచ్చాడని చెబుతారు. మర్నాడు ఊరేగింపుగా వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. 26 మంది చనిపోయారు. ఆ తరువాత ఏడుగురికి మరణశిక్ష వేశారు. దేశంలో చాలామందికి పాతికేళ్ళ దాకా ఈ సంగతి తెలియనివ్వలేదు.

అమెరికా వంటింట్లో మాత్రం సరుకులకు కొదవ లేదు. అందుచేత అక్కడి పరిశోధకులకు మరింత లోతైన ప్రశ్నలు తోచాయి. 1955లో నెవాడా ఎడారిలో ఒక చిన్న కాలనీ కట్టి, ఇళ్ళల్లో సోఫాలు, ఫ్రిజ్‌లు, డబ్బా ఆహారాలు సర్ది, మంచి దుస్తులు తొడిగిన బొమ్మ మనుషులను కూర్చోబెట్టి, పక్కనే అణుబాంబు పేల్చారు. ఆ ఏడాది పరీక్షల్లోనే బీరు సీసాలు, సోడా డబ్బాలు పేలుడుకు వివిధ దూరాల్లో పెట్టి, తరువాత వాటిని తీసుకొచ్చి రుచి చూశారు. ప్రభుత్వం ఆ ఫలితాలతో నివేదిక కూడా వెలువరించింది. చాలా సీసాలు పగలలేదు. పేలుడుకు బాగా దగ్గర ఉన్న బీరు రుచి మాత్రం కాస్త తేడాగా ఉంది. అత్యవసర సమయంలో తాగడానికి అభ్యంతరం లేదు. నాగరికత అంతరించిన మర్నాడు దాహం వేస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు మానవజాతి ఇచ్చిన ఏకైక శాస్త్రీయ సమాధానం ఇదేనని నా అభిప్రాయం. తాగడానికి ఎవరు మిగులుతారన్నది వేరే శాఖ పరిధిలోని అంశం.

శత్రువులు గదా, మరి ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవనుకుంటే పొరపాటు. 1972లో పంట దెబ్బతిన్న సోవియట్లు అమెరికాలో గుట్టు చప్పుడు కాకుండా గోధుమలు కొన్నారు. ఎంత కొంటున్నారో పసిగట్టలేని అమెరికా ప్రభుత్వం ఎగుమతి సబ్సిడీ కూడా చెల్లించింది. దాంతో కమ్యూనిస్టుల రొట్టెకు పెట్టుబడిదారీ పన్నులు ఖర్చుపెట్టి, తమ రొట్టె ధర తామే పెంచుకున్నారు. అఫ్గానిస్తాన్ మీదికి సైన్యం పంపారన్న కోపంతో 1980 జనవరిలో అమెరికా అధ్యక్షుడు కార్టర్ 1.7 కోట్ల టన్నుల ధాన్యం ఎగుమతి నిలిపేశాడు. సోవియట్లు అర్జెంటీనాలో కొనుక్కున్నారు, అమెరికా రైతులు కార్టర్‌ను తిట్టుకున్నారు. ఆ నిషేధాన్ని ఎత్తేసినవాడు కమ్యూనిజం పేరు చెబితే మండిపడే రోనాల్డ్ రీగన్. 1983 మార్చిలో ఆయన సోవియట్ యూనియన్‌ను 'దుష్ట సామ్రాజ్యం' అన్నాడు. ఆగస్టులో ఏటా కనీసం 90 లక్షల టన్నుల ధాన్యం అమ్మడానికి అదే సామ్రాజ్యంతో ఆయన ప్రభుత్వం అయిదేళ్ళ ఒప్పందం చేసుకుంది. దుష్టుడైనా ఆకలి ఆకలే, బేరం బేరమే.

ఈ రెండు వంటిళ్ళ మధ్య మన స్థానం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. వియత్నాం మీద బాంబులు వేయడాన్ని మనం తప్పుపట్టామని అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 నుంచీ గోధుమ ఓడలను బిగపట్టి నెలనెలా వదలడం, ఓడ దిగితే గాని పొయ్యి వెలగని స్థితి, పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అలీన విధానం గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. చిన్నప్పుడు బడిలో ఆచరించాను. మధ్యాహ్నం అమెరికా సాయంగా వచ్చిన గోధుమ నూక ఉప్మా తినేవాణ్ణి. మాస్కో నుంచి వచ్చే పత్రికల కాగితం నున్నగా మెరుస్తూ ఉండేది గనుక, నవ్వుతున్న ట్రాక్టరు డ్రైవరమ్మ బొమ్మ పైకి వచ్చేలా లెక్కల పుస్తకానికి దానితో అట్ట వేసుకునేవాణ్ణి. ఉప్మా పడక కడుపులో నొప్పి వస్తే, సోవియట్ల తోడ్పాటుతో హైదరాబాదు బాలానగర్‌లో పెట్టిన ఫ్యాక్టరీ మాత్ర ఉండనే ఉంది. ట్రాక్టరమ్మ బుగ్గ మీద ఉప్మా నూనె మరక పడి సంవత్సరమంతా పోలేదు. ఐక్యరాజ్య సమితి సాధించలేని సయోధ్య అది.

మళ్ళీ సొకోల్నికీ పార్కుకు వద్దాం. ఆ రోజు పెప్సీ అధికారి డోనాల్డ్ కెండాల్ క్రుశ్చేవ్ చేతికి ఒక గ్లాసు అందించాడు. అందరూ నిమ్మకాయ యంత్రం గురించి మాట్లాడుకుంటే ఆయన ఒక్కడే వ్యాపారం చేశాడు. 1972లో ఒప్పందం కుదిరింది. రూబుల్ బయట చెల్లదు గనుక పెప్సీకి బదులుగా వోడ్కా ఇవ్వడం మొదలైంది. 1989 నాటికి వోడ్కా చాలలేదు. అప్పటి ఒప్పందంలో భాగంగా 17 పాత జలాంతర్గాములు, ఒక క్రూజర్, ఒక ఫ్రిగేట్, ఒక డిస్ట్రాయర్ అనే మూడు రకాల యుద్ధనౌకలు కూల్‌డ్రింకు ఖాతాలో జమ అయ్యాయని పత్రికలు రాశాయి. ఏ మహాసముద్రాల్లో ఎవరిని వెతుక్కుంటూ తిరిగాయో గాని, అవి నేరుగా పాత ఇనపసామాన్ల వాళ్ళ దగ్గరికి వెళ్ళాయి. సోవియట్ యూనియన్‌ను మీకన్నా వేగంగా నేనే నిరాయుధం చేస్తున్నానని కెండాల్ అమెరికా ప్రభుత్వంలోని పెద్దలతో వేళాకోళమాడాడట.

క్రుశ్చోవ్కాల వంటగది కొలత అయిదారు చదరపు మీటర్లు. ఒకరు పొయ్యి దగ్గర నిలబడితే ఇంకొకరు స్టూలు జరుపుకోవాలి. సాయంత్రం పూట మిత్రులు నలుగురు వచ్చి అందులోనే ఇరుక్కొని కూర్చునేవారు. తలుపు వేసి, గోడలకు చెవులు ఉంటాయేమోనని కుళాయి ధారగా వదిలి, ఆ నీళ్ళ చప్పుడు చాటున క్రుశ్చేవ్ మీద జోకులు చెప్పుకునేవారు. టీ కాచేవారు. నిమ్మకాయ దొరికిన రోజున దాన్ని చాకుతో కోసి, రెండు చుక్కలు చేత్తోనే పిండుకునేవారు.