చార్జర్ గారి ప్రవర

పూజలో కూర్చున్నవాణ్ని పురోహితుడు గోత్రం అడుగుతాడు. తెలిసినవాడు టక్కున చెబుతాడు. తెలియనివాడు భార్య మొహం చూస్తాడు, ఆవిడ అత్తగారి మొహం చూస్తుంది, అత్తగారు ఫ్యాను వైపు చూస్తుంది. పురోహితుడికి ఇదేం కొత్త కాదు. "కాశ్యపస అనండి, ఫరవాలేదు" అని సంకల్పం కానిచ్చేస్తాడు. ఎవరికీ నష్టం లేదు.

దేశంలోకి అడుగుపెట్టే వస్తువు విషయంలో ప్రభుత్వం ఇంత ఉదారంగా ఉండదు. ఉండకూడదు కూడా. ఓడ దిగిన ప్రతి వస్తువూ తన గోత్రం ఎనిమిది అంకెల్లో చెప్పుకోవాలి. తప్పు చెబితే జరిమానా, వడ్డీ, ఈలోగా గోడౌన్ అద్దె. మా బావమరిది పుణ్యమా అని ఈ మధ్య నాకు ఆ శాస్త్రంతో పరిచయం కలిగింది. మన విశ్వవిద్యాలయాల్లో తత్వశాస్త్రం చదివేవాళ్లు లేరని బాధపడే పెద్దలకు ఒక శుభవార్త. ఆ శాస్త్రం చావలేదు, కస్టమ్స్ హౌసుకు బదిలీ అయింది.

మా వాడిది కార్ డెకార్ షాపు. సీటు కవర్లు, మ్యాట్లు, చెవులు చిల్లులు పడే హారన్లు అమ్ముకుంటూ హాయిగా ఉండేవాడు. ఆ హాయి చాలక, చైనా నుంచి పన్నెండు కార్టన్ల సరుకు తెప్పించాడు. బొటనవేలంత పరికరం. కారులో సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చాలి. (ఆ బొక్కలో ఎవరూ సిగరెట్ ముట్టించుకోక ఎన్నేళ్లయిందో! పేరు మాత్రం పోలేదు. ఈ కథలో పేర్ల సంగతి మొదటినుంచీ ఇంతే.) గుచ్చగానే ఫోను చార్జవుతుంది, ఫోనులోని పాట కారు రేడియోలో వస్తుంది, ఎవరైనా ఫోన్ చేస్తే చేతులు స్టీరింగ్ మీదే ఉంచి మాట్లాడొచ్చు.

"బిల్ ఆఫ్ ఎంట్రీలో ఏమని రాయమంటారు?" అని అడిగారు కస్టమ్స్ బ్రోకరు గారు. వచ్చిన సరుకు ఫలానా అని కస్టమ్స్‌కు రాసిచ్చే పత్రమది.

"చార్జరని రాసెయ్యండి సార్."

"ఇది చార్జరేనంటారా?"

ఇంత లోతైన ప్రశ్న మా వాణ్ని పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అడగలేదు.

ఈ శాస్త్రానికి మూలగ్రంథం హార్మొనైజ్డ్ సిస్టమ్. బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ దాని ఆలనాపాలనా చూస్తుంది. 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. సృష్టిలో అమ్మకానికి వచ్చేదంతా అందులో 97 అధ్యాయాల్లో ఇమిడిపోతుంది. మొదటి అధ్యాయంలో బతికున్న జంతువులు, ఆఖరి అధ్యాయంలో కళాఖండాలు, పురాతన వస్తువులు, మధ్యలో మనం వాడి పారేసేవన్నీ. 77వ అధ్యాయం ఖాళీ. ముందుముందు దేనికైనా అవసరం పడుతుందేమోనని అట్టే పెట్టారు, పల్లెవెలుగు బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు. ఇన్నేళ్లుగా కర్చీఫ్ అక్కడే ఉంది, ఎక్కాల్సినవాడు ఇంకా రాలేదు. మొదటి ఆరంకెలు ప్రపంచమంతటా ఒకటే. మనం రెండు తగిలించి ఎనిమిది చేసుకున్నాం. అమెరికావాళ్లు నాలుగు తగిలించి పది చేసుకున్నారు.

గ్రంథాన్ని చదివే పద్ధతికి ఆరు సూత్రాలున్నాయి. మొదటి సూత్రం మొదటి వాక్యమే నా మనసు దోచుకుంది. విభాగాలకూ అధ్యాయాలకూ పెట్టిన పేర్లు వెతుక్కోవడానికి వీలుగా పెట్టినవేనట, చట్టం దగ్గర వాటికి విలువ లేదట. శీర్షికలు నమ్మొద్దని మొదటి వాక్యంలోనే ఒప్పుకునే నిజాయితీ మా పత్రికలవాళ్లకు ఎప్పుడొస్తుందో.

ఇక ప్రవర. "చతుస్సాగర పర్యంతం" అని మొదలుపెట్టి మనవాళ్లు గోత్రం చెప్పుకుంటారు, చాలామంది చెరువు కూడా దాటకుండానే. నిజంగా సముద్రాలు దాటి వచ్చిన ఈ పరికరానికి ఆ మాట అనే హక్కు మనకంటే ఎక్కువే ఉంది. త్రయార్షేయం విన్నాం, పంచార్షేయం విన్నాం, దీనిది సప్తార్షేయమని తేలింది. (ఎనిమిదంకెల్లో మొదటి రెండూ అధ్యాయం, మొదటి నాలుగూ కలిపితే వర్గం. ఇక్కడ ఋషి అంటే ఆ నాలుగంకెలే.) కారులోని 12 వోల్టుల కరెంటును 5 వోల్టులకు దించి ఫోనుకు ఇస్తుంది కాబట్టి 8504, స్టాటిక్ కన్వర్టర్. ఫోను దగ్గర్నుంచి బ్లూటూత్‌లో పాట అందుకుంటుంది కాబట్టి 8517, టెలిఫోన్ల వంశం. అందుకున్న పాటను ఎఫ్ఎం తరంగంగా మార్చి కారు రేడియోకు పంపుతుంది కాబట్టి 8525, రేడియో ప్రసార యంత్రం. అంటే బొటనవేలంత ఆకాశవాణి అన్నమాట. పెన్‌డ్రైవ్ గుచ్చితే తనే పాడుతుంది కాబట్టి 8519. మైకు ఉంది కాబట్టి 8518. బ్యాటరీ ఎన్ని వోల్టుల మీద ఉందో ఎర్రంకెల్లో చూపిస్తుంది కాబట్టి 9030, కరెంటు తీరు కొలిచే ఓసిలోస్కోపుల సరసన. ఇంతా చేసి ఉండేది కారులో కాబట్టి 8708, మోటారు వాహనాల విడిభాగాలు, ఉపకరణాలు.

ఆ ఆఖరి ఋషిని బ్రోకరు గారు వెంటనే కొట్టేశారు. 85వ అధ్యాయపు ఎలక్ట్రికల్ సామాను వాహనాల విడిభాగాల్లోకీ ఉపకరణాల్లోకీ రాదని వాహనాల విభాగం నోట్సులోనే రాసి ఉందట. కారులోనే ఉంటుంది, కారు కరెంటే తాగుతుంది, కారు దిగితే ఎందుకూ పనికిరాదు, అయినా కారు ఇంటిపేరు మాత్రం రాదు. ఇల్లరికపు అల్లుళ్లకు ఈ బాధ నేను వివరించనక్కర్లేదు.

మిగిలిన ఆరుగురిలో అసలువాడెవరు? దానికి యంత్రాల విభాగమైన 16వ విభాగంలో 3వ నోటు ఉంది. ఒకే యంత్రం నాలుగు పనులు చేస్తుంటే వాటిలో ప్రధానమైన పని ఏదో చూసి దాన్నిబట్టి వర్గం నిర్ణయించాలి. ప్రధానం ఎవరికి? మా ఆవిడకు అది చార్జర్. మా అబ్బాయికి పాటల పెట్టె. నాకు ఆ ఎర్రంకెలు. వాటిని చూస్తూ కూర్చుంటే టెన్షన్ పెరగడమే తప్ప బ్యాటరీ పెరిగిన దాఖలా లేదు. సుంకం తేల్చే కస్టమ్స్ అప్రైజర్ గారికి ఏ పని మీద సుంకం ఎక్కువో అదే ప్రధానంగా కనిపిస్తుందని మా వాడి ఆరోపణ. ఆరోపణ తప్పనను గానీ, మా వాడికి కూడా ఏ పని మీద సుంకం తక్కువో అదే ప్రధానంగా కనిపించడం నేను కళ్లారా చూశాను. ఇద్దరూ ఒకే పరికరాన్ని చూస్తున్నారు, ఇద్దరూ మనస్ఫూర్తిగానే చూస్తున్నారు.

ఎటూ తేలకపోతే మరో సూత్రం కాసుకుని ఉంది. పోటీపడే నాలుగంకెల వర్గాల్లో అంకెల వరుసలో ఆఖరున ఏది వస్తే అది ఖాయం చెయ్యాలి. నేను కల్పించింది కాదు, 3వ సూత్రం మూడో భాగం చదువుకోండి. అంత తర్కమూ నడిచీ నడిచీ చివరికి "బంతిలో ఆఖరున ఎవరు కూర్చున్నారు?" అన్న దగ్గరికి వచ్చి ఆగింది. ఏ వంశంలోనూ చోటు దొరకని అనాథల కోసం 8543 తలుపు తీసే ఉంటుంది. సొంతంగా ఒక పనంటూ ఉండి, ఆ అధ్యాయంలో మరెక్కడా చెప్పని ఎలక్ట్రికల్ యంత్రాలన్నీ అందులోకే. పురోహితుడి కాశ్యపస లాంటిదే ఇది కూడా. దక్షిణ మాత్రం వేరు.

నాకు బాగా నచ్చిన ఘట్టానికి ఇప్పుడొస్తాను. 2001లో ఐపాడ్ వచ్చింది. జేబు నిండా పాటలే, కారులో ఉన్నది మాత్రం క్యాసెట్ ప్లేయర్. ఆ రెండింటికీ సంబంధం కుదిర్చిన మధ్యవర్తి క్యాసెట్ అడాప్టర్. చూడ్డానికి క్యాసెట్టే, లోపల టేపు ఉండదు. పక్కనుంచి ఒక తీగ బయటికొచ్చి ఐపాడ్‌కు తగులుకుంటుంది. లోపలి చిన్న హెడ్ పాటను అయస్కాంత సంకేతంగా మార్చి ప్లేయర్ హెడ్‌కు అందిస్తుంది. పాపం ఆ ప్లేయర్ తాను టేపు వాయిస్తున్నానే అనుకుంటుంది. మాయ అంటే ఏమిటో శిష్యులకు చెప్పడానికి మన ఆచార్యులకు తాడూ పామూ తప్ప దొరకలేదు, వాళ్ల కాలంలో ఇది లేదు గనక.

దీన్ని ఏ ఇంట్లో పెట్టాలి? 8522 తెరిచి చూడండి. 8519, 8521 యంత్రాలకు, అంటే పాటలవాటికీ వీడియోలవాటికీ, పనికొచ్చే "విడిభాగాలు, ఉపకరణాలు" అని ఉంటుంది. ఇప్పుడు 8529 చూడండి. రేడియోలకూ టీవీలకూ పనికొచ్చే "విడిభాగాలు" అని ఉండి ఆగిపోతుంది. ఉపకరణాల ఊసే లేదు. కారులో ఉండే రేడియో కమ్ ప్లేయర్ 8527. అంటే దాని బంధుమిత్రులు 8529 గడపే తొక్కాలి. అంటే చట్టప్రకారం కారు రేడియోకు విడిభాగాల గది ఉంది, ఉపకరణాల గది లేదు. ఐపాడ్ లాంటి పాటల పెట్టె 8519, దానికి రెండు గదులూ ఉన్నాయి. ఫోను 8517, దానికీ విడిభాగాల గది ఒక్కటే. కాబట్టి అదే తీగ, అదే పాట అయినా, పాటల పెట్టెకు తగులుకుంటే ఉపకరణమన్న హోదా అడగొచ్చు. ఫోనుకు తగులుకుంటే ఆ హోదా అడిగే దిక్కు లేదు, తీగల వంశం 8544కో కాశ్యపస 8543కో పోయి తలదాచుకోవాలి. 2022 మేలో ఐపాడ్ తయారీ ఆపేస్తున్నట్టు ఆపిల్ ప్రకటించినప్పుడు సంగీతప్రియులు కన్నీళ్లు పెట్టుకున్నారు. తీగల గురించి ఒక్కరూ ఆలోచించలేదు.

విడిభాగానికీ ఉపకరణానికీ తేడా ఏమిటని బ్రోకరు గారిని అడిగాను. ఆయన చాలా ఓపిగ్గా చెప్పారు. అది లేకపోతే యంత్రం నడవకుండా పోతే విడిభాగం. లేకపోయినా నడుస్తుంది గానీ ఉంటే కాస్త సుఖం అనిపిస్తే ఉపకరణం. ఇంటికి వచ్చి, ఈ లెక్కన నేను ఏ వర్గమని మా ఆవిడను అడిగాను. ముందు గ్యాస్ బుక్ చెయ్యమంది.

విడిభాగాల తగాదా చిన్నవాళ్లదే అనుకోకండి. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీకి 2024లో మన కస్టమ్స్ శాఖ 140 కోట్ల డాలర్ల నోటీసు ఇచ్చింది. విడివిడి పెట్టెల్లో వచ్చినవన్నీ కలిపితే దాదాపు కారే వచ్చినట్టని శాఖ అంటుంది, మేం తెచ్చుకున్నవి భాగాలేనని కంపెనీ అంటుంది. కారయితే 30, 35 శాతం, భాగాలయితే 5 నుంచి 15. నోటీసు దశలోనే వ్యవహారం బొంబాయి హైకోర్టుకు ఎక్కింది.

ఇక మా వాడి కార్టన్లలోనే అడుగున ఉన్న మొబైల్ స్టాండ్లు. ప్లాస్టిక్ కొక్కెమయితే ప్లాస్టిక్ సామాను 3926. ఇనుముదయితే వాహనాల ఫిట్టింగులు 8302. అయస్కాంతంతో పట్టుకునేదయితే 8505 కూడా నాదేనంటూ చెయ్యెత్తుతుంది. డ్యాష్‌బోర్డు మీద పక్కనే కూర్చున్న వినాయకుడికి మాత్రం ఏ గొడవా లేదు. ప్లాస్టిక్ వినాయకుడు అదే 3926, ఇత్తడి వినాయకుడు 8306, కొయ్య వినాయకుడు 4420, పింగాణీ వినాయకుడు 6913. ఎక్కడున్నా ఆయన చిన్న విగ్రహం, అలంకార సామగ్రి. విఘ్నాలు తొలగించడం ఆయన ప్రధానమైన పని కదా అని ఎవరైనా భక్తుడు వాదించబోతే 3వ నోటు వర్తించదు. ఆయన యంత్రం కాదు.

మనదాకా రాదులే అనుకునేవాళ్లకు కొబ్బరినూనె కథ చెప్పాలి. అది దిగుమతి తగాదా కాదు, ఇక్కడే తయారయ్యే సరుకు మీద వేసే ఎక్సైజు సుంకానిది, అయినా ప్రశ్న ఇదే. చిన్న సీసాల్లో అమ్మే కొబ్బరినూనె వంటనూనా, తలనూనా? 2018లో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. 2024 డిసెంబరులో ముగ్గురు కూర్చుని, సీసా చిన్నదైనంత మాత్రాన తలనూనె అయిపోదని తేల్చారు. మన కోనసీమ మామ్మను అడిగితే ఒక్క క్షణంలో తల చూపించేది, కేరళ మామ్మ మూకుడు చూపించేది.

ఇంత రభస ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 100 రూపాయల సరుకు మీద ప్రాథమిక సుంకం 20 శాతం అనుకుందాం. దాని మీద సాంఘిక సంక్షేమ సర్‌చార్జి 10 శాతం, అంటే ఇంకో 2 రూపాయలు. 122 మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతుల మీద పడే జీఎస్టీ, 18 శాతం. సరుకు రేవు దాటేసరికి 143 రూపాయల 96 పైసలు. అదే సుంకం 10 శాతమయితే 130 రూపాయల 98 పైసలు. తేడా 13 రూపాయలకు రెండు పైసలు తక్కువ. ఏడుగురు ఋషులూ ఆ 13 రూపాయల మీదే తపస్సు చేస్తున్నారు. రెండు కోడ్లకూ రేటు ఒకటే అయిన రోజున, అది చార్జరో ఆకాశవాణో అడిగే నాథుడుండడు.

2011 నుంచి మన దేశంలో స్వీయ మదింపు పద్ధతి ఉంది. గోత్రం దిగుమతిదారుడే చెప్పుకోవాలి, తప్పని చెప్పే అధికారం మాత్రం శాఖది. మామూలుగా రెండేళ్ల లోపు నోటీసు ఇస్తారు. కావాలని దాచాడనిపిస్తే అయిదేళ్ల దాకా ఇవ్వొచ్చు. మా వాడి పరికరానికి గ్యారంటీ షాపు మెట్లు దిగేదాకానే, దాని గోత్రం మీద అనుమానానికి మాత్రం అయిదేళ్ల ఆయుష్షు. ముందే అడిగి తెలుసుకోవాలనుకుంటే ఢిల్లీలో, ముంబైలో ముందస్తు తీర్పుల అథారిటీలున్నాయి. ముహూర్తం దాకా ఆగలేనివాళ్లు లేచిపోయినట్టు మా వాడు ధైర్యం చేసేశాడు. అప్పీళ్ల దారి కూడా రాచబాటే. సుంకం రేటు తగాదా ట్రిబ్యునల్ దాటితే హైకోర్టు గడప తొక్కకుండా తిన్నగా సుప్రీంకోర్టుకు వెళ్తుంది. పొలం గట్టు తగాదాతో మూడు తరాలుగా మెట్లెక్కుతున్న రైతు ఈ సంగతి వింటే, వచ్చే జన్మలో చార్జర్‌గా పుట్టించమని మొక్కుకుంటాడు.

సరుకు చివరికి విడుదలైంది. ఏ గోత్రంలో అంటారా? అయిదేళ్లు ఆగి అడగండి.

ఒకటి నా కారులో కూడా గుచ్చాడు. బాగానే పాడుతోంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం పక్క కారువాడి పరికరం కూడా అదే ఎఫ్ఎం నంబరు మీద ఉంటే వాడి పాట నా రేడియోలోకి దిగుమతి అవుతోంది. బిల్ ఆఫ్ ఎంట్రీ లేకుండా.

నిన్న మా వాడు మళ్లీ ఫోన్ చేశాడు.

"బావా, కొత్త మోడల్ వచ్చింది. అదే చార్జర్, అదే ఎఫ్ఎం. పైన చిన్న గిన్నెలాగా ఉంటుంది. అందులో సెంటు పోస్తే కారంతా మల్లెపూల వాసన."

"సెంటు దాంతోపాటే వస్తుందా?"

"చిన్న సీసా, ఫ్రీ."

పుస్తకం తీసి చూశాను. వాసన సరుకు 33వ అధ్యాయం, 3307, అగరుబత్తుల పక్కన.

"బ్రోకరు గారికి చెప్పావట్రా?"

"పొద్దున్నుంచీ చేస్తున్నా బావా. ఎత్తట్లేదు."