టాలెంటును ఎవ్వరూ ఆపలేరు, వాచ్‌మన్ తప్ప

ప్రీ-రిలీజ్ ఫంక్షన్లలో మైకు పట్టుకున్న ప్రతి పెద్దమనిషీ దిగేముందు ఒక మాట విసిరి దిగుతున్నాడు. "టాలెంట్ ఉంటే మిమ్మల్ని ఎవ్వరూ ఆపలేరు!" కింద నిలబడ్డ కుర్రాళ్లు ఈలలేస్తారు. యాంకరమ్మ "ఎంత బాగా చెప్పారు సర్" అని కళ్లు తుడుచుకుంటుంది. ఆయన వెళ్లి ముందు వరస సోఫాలో కొడుకు పక్కన కూర్చుంటాడు. ఆ సినిమాలో హీరో ఆ కొడుకే.

ఈ మాట వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. అయినా పెద్దవాళ్లు కోట్లు పెట్టి కట్టిన స్టేజీ మీద ఊరికే అబద్ధం చెప్పరు కదా. వాళ్లని అనుమానించడం పాపం. అందుకని శాస్త్రీయంగా తేల్చుకుందామని హైదరాబాదులో సినిమా ఛాన్సుల కోసం వచ్చినవాళ్లుండే కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, ఇందిరానగర్ గల్లీలు తిరిగాను. టాలెంటును ఎవరైనా ఆపుతున్నారేమో రాసుకుందామని ఒక నోట్‌బుక్కు కూడా పట్టుకెళ్లాను. నోట్‌బుక్కు చాల్లేదు.

మొట్టమొదట ఆపేది స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్.

"ఎవరు కావాలి?"

"డైరెక్టర్ గారండీ."

"అపాయింట్‌మెంట్ ఉందా?"

"లేదండీ. టాలెంట్ ఉంది."

"పక్కకి జరుగు, కారొస్తోంది."

ఇంత సింపుల్‌గా అయిపోయింది. మైకులో చెప్పిన పెద్దాయనకి ఈ సంగతి తెలియకపోవడంలో వింతేం లేదు. ఆ కారులో ఉన్నది ఆయనే. విచారిస్తే ఆ వాచ్‌మన్ కూడా ఒకప్పుడు యాక్టింగ్ కోసమే హైదరాబాదు వచ్చాడట. గేటు లోపలికి అడుగు పెట్టడానికి ఆయనకి దొరికిన దారి అదొక్కటే.

ఇక ఇంటి ఓనర్లు. బ్యాచిలర్లకి ఇల్లివ్వరు, సినిమా బ్యాచిలర్లకి అసలే ఇవ్వరు. ఇచ్చేది కృష్ణానగర్‌లో మాత్రమే. ఒక గదిలో ఆరుగురు హీరోలు, ఒకే బాత్రూము. పెద్ద వాన పడితే ఆ గల్లీల్లో బైకులు కొట్టుకుపోవడం టీవీలో అందరూ చూసిందే. బైకుల్ని కూడా ఎవ్వరూ ఆపలేరు.

ఈ పరిశోధనలో నాకు బాగా ఉపయోగపడింది పార్వతీపురం నుంచి వచ్చిన ఒక కుర్రాడు. డిగ్రీ అయింది, పరిషత్తు నాటకాల్లో వేషాలు వేశాడు. ఉత్తమ నటుడని ఒకచోట షీల్డు ఇచ్చారు. దాన్ని తువ్వాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకుని, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అతనికి వాట్సాప్‌లో ఒక పోస్టరు వచ్చింది. "కొత్త ముఖాలు కావాలెను. పక్కింటి కుర్రాడిలా ఉండాలి. ఆరడుగుల ఎత్తు, సిక్స్ ప్యాక్, గుర్రపు స్వారీ వచ్చినవారికి ప్రాధాన్యం." ఏ ఊళ్లో పక్కింటి కుర్రాడు గుర్రం మీద పాల ప్యాకెట్లకి వెళ్తాడో నాకు తెలీదు. జూబ్లీహిల్స్‌లో వెళ్తాడేమో. అడ్రస్ మాత్రం కృష్ణానగర్‌లో టైలరింగ్ షాపు పైన, రెండో అంతస్తు.

నేనూ వెంట వెళ్లాను, బాబాయినని చెప్పి.

ఆఫీసు గోడకి దండ వేసిన క్లాప్‌బోర్డు. "ప్రొడక్షన్ నెం. 1" అని రాసుంది. దండలో బంతిపూలు ఎండి పొడి అయిపోయాయి గానీ నెంబరు మాత్రం మారలేదు. బల్ల వెనకాల కో-ఆర్డినేటర్. మూడు ఫోన్లు, మూడూ మోగుతున్నాయి, ఒక్కటీ ఎత్తడు. కుర్రాడు తువ్వాలు విప్పి షీల్డు తీసి బల్ల మీద పెట్టాడు. కో-ఆర్డినేటర్ దాని మీద టీ గ్లాసు పెట్టి, "నీ కళ్లల్లో ఫైరుంది తమ్ముడూ" అన్నాడు.

ఆడిషన్ మొదలైంది. నవ్వమన్నాడు, నవ్వాడు. ఏడవమన్నాడు, ఏడ్చాడు. ఏడుపు ఆపకుండా నవ్వమన్నాడు. ఆ కుర్రాడు అది కూడా చేశాడండీ, నిజంగా బాగా చేశాడు, నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఆయన ఆ టైములో ఫోను చూసుకుంటున్నాడు. తల ఎత్తి, "సూపర్. ఎంత పెట్టగలవు?" అన్నాడు.

కుర్రాడికి అర్థం కాలేదు. ఆయన సొరుగులోంచి ఒక లామినేషన్ కాగితం తీశాడు. హోటల్లో మెనూ కార్డులా ఉంది. హీరో ఫ్రెండు, మూడు లక్షలు. హీరో ఫ్రెండుకి ఫ్రెండు, లక్ష. విలన్ వెనకాల చేతులు కట్టుకుని నిలబడేవాడు, నలభై వేలు, నల్ల కళ్లజోడు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

"డైలాగుంటుందా సార్?"

"ఉంటుంది. 'అన్నా, వాళ్లొస్తున్నారు.' దానికి సెపరేటు."

"ఎంత సార్?"

"మొత్తానికి పాతిక. బడ్జెట్ లేదనుకుంటే పది వేలకి 'అన్నా' వరకూ ఇస్తాను. మిగతాది పక్కోడు అంటాడు."

కుర్రాడు చాలాసేపు ఆలోచించాడు. "పోనీ సార్, నా క్యారెక్టర్ చచ్చిపోతే ఏమైనా తగ్గుతుందా?"

ఆయన జాలిగా చూశాడు. "చావు ఇంకా కాస్ట్‌లీ తమ్ముడూ. క్లోజప్ పడుతుంది కదా. హీరో నిన్ను ఒళ్లో పడుకోబెట్టుకోవాలంటే, ఆయన డేట్లు నీకు ఊరికే వస్తాయా?"

"దూరంగా చచ్చిపోతాను సార్. గుంపులో."

"గుంపులో అయితే యాభై. కానీ మొహం కనపడదు. మొహం కనపడకుండా చావడానికి ఊరి నుంచి ఇంత దూరం రావడమెందుకు?"

న్యాయమైన ప్రశ్న. నాక్కూడా సమాధానం తోచలేదు. బేరం సాగింది. చివరికి రెండు వాయిదాల మీద "అన్నా, వాళ్లొస్తున్నారు" ఒకటి, గుంపులో చావు ఒకటి కలిపి అరవై వేలకి కుదిరింది. పోర్టుఫోలియో ఫొటోలు అదనం, అవి వాళ్ల బామ్మర్ది స్టూడియోలోనే తీయించుకోవాలి. రసీదు అడిగితే, "ఇండస్ట్రీలో మాటే రసీదు" అన్నాడు.

మేస్త్రీ గోడ కట్టి, ఇంటివాడి చేతిలో డబ్బులు పెట్టి, దణ్ణం పెట్టి వెళ్లిపోవడం మీరెక్కడైనా చూశారా? ఇక్కడ దాన్ని అవకాశం అంటారు. పైగా ఆ అరవై వేలూ ఎక్కడివనుకున్నారు? వాళ్లమ్మ డ్వాక్రా గ్రూపులో తీసిన లోను. ఊళ్లో ఆవిడ ప్రతి నెలా కంతు కడుతుంది. ఇక్కడ ఆయన టీ తాగుతాడు, షీల్డు మీద గ్లాసు మచ్చ మిగులుతుంది.

పోనీ డబ్బు లేకుండా, సంప్రదాయబద్ధంగా ఆడిషన్ ఇద్దామని ఇంకో ఆఫీసుకి వెళ్తే, "నటన బాగుంది గానీ నీ యాస కామెడీకే పనికొస్తుంది" అన్నారు. ఉత్తరాంధ్రలో ఎవరికీ ప్రేమ పుట్టదు, కోపం రాదు, కన్నీళ్లు రావు. వాళ్లు పుట్టిందే హీరో ఇంట్లో పనివాడిగా నవ్వించడానికి. ఒకప్పుడు తెలంగాణ యాస విలన్‌కీ, కమెడియన్‌కీ రాసిచ్చేశారు. ఇప్పుడు అది ఫ్యాషన్ అయ్యేసరికి కోస్తా హీరోలే ట్యూషన్ పెట్టించుకుంటున్నారు. శ్రీకాకుళం, విజయనగరం వంతు ఎప్పుడొస్తుందో. ఇంత శుద్ధి పట్టింపు ఉన్న పరిశ్రమలో హీరోయిన్ ముంబై నుంచి వచ్చి, డైలాగుల బదులు "వన్ టూ త్రీ ఫోర్" అని పెదాలు కదిపినా ఎవరికీ అభ్యంతరం లేదు. ఆమె గొంతు డబ్బింగ్ థియేటర్లో రెడీగా ఉంటుంది. నోరు ఒకరిది, మాట ఒకరిది, తెలుగు ఎవరిదీ కాదు. యాస ప్రాబ్లం మాత్రం పార్వతీపురం వాడికి.

ఇవన్నీ చెబితే పెద్దలు వెంటనే ఒక ఆయుధం తీస్తారు. "చిరంజీవిని చూడు!" చూశాం. మొగల్తూరు నుంచి మద్రాసు వెళ్లి, ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని, 1978లో తెర మీదికి వచ్చారు. తర్వాత ఎవరు అంటే రవితేజ, నాని అంటారు. ఇద్దరూ అసిస్టెంట్ డైరెక్టర్లుగా చాకిరీ చేసి వచ్చినవాళ్లే, కాదనను. బయటి నుంచి వచ్చి గెలిచినవాళ్ల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టే మనందరికీ నోటికొచ్చు. తిరిగి రైలెక్కినవాళ్ల పేర్లు ఎవరైనా చెప్పండి చూద్దాం.

ఇంకా పాతకాలం వాళ్లుంటే బెజవాడ రైల్వే స్టేషన్ కథ చెబుతారు. అక్కడ అక్కినేని నాగేశ్వరరావు గారు ఘంటసాల బలరామయ్య గారి కంట పడ్డారు, చరిత్ర మారిపోయింది. నిజమే. ఆ తర్వాత ఎన్నివేల మంది అదే ప్లాట్‌ఫాం మీద సైడు ఫోజు పెట్టి నిలబడ్డారో రైల్వే వాళ్లకే తెలియాలి. ఇప్పుడు నిలబడీ లాభం లేదు, ప్రొడ్యూసర్లు విమానాల్లో తిరుగుతున్నారు. గన్నవరం ఎయిర్‌పోర్టులో వాళ్ల కంట పడదామంటే లోపలికి వెళ్లడానికే టికెట్ ఉండాలి.

వారసుల విషయంలో మాత్రం ఆ సూత్రం నూటికి నూరుపాళ్లు నిజమని ఒప్పుకుంటున్నాను. వాళ్లని ఎవ్వరూ ఆపలేరు. ప్రేక్షకులు మొదటి సినిమాతో ఆపి చూశారు. రెండోదానితో ఆపారు, మూడోదానితో చేతులు జోడించి ఆపారు. నాలుగోదానికి "రీ-లాంచ్" అని పోస్టరు వేశారు. ఆ పట్టుదలకి దండం పెట్టాలి. తర్వాత ఆ వారసుడు ఇంటర్వ్యూలో కూర్చుని "నేనూ చాలా స్ట్రగుల్ అయ్యాను" అంటాడు. అయ్యాడు, పాపం. మేం కూడా అయ్యాం, టికెట్ కొని.

నిజానికి ఈ పరిశ్రమలో ఒకసారి కిందివాళ్లు ఆపి చూపించారు. 2025 ఆగస్టులో, వేతనాలు 30 శాతం పెంచమని సినీ కార్మికుల ఫెడరేషన్ షూటింగులు బందు పెట్టింది. రెండు వారాలు దాటింది. అప్పుడు గానీ కొందరు పెద్దలకి లైటు మోసేవాడు కూడా సినిమాలో పనిచేస్తాడని గుర్తు రాలేదు. "కళని ఇలా ఆపుతారా" అని వాపోయారు. ఎవ్వరూ ఆపలేరన్నది మీరే కదండీ?

ఇక ఆడపిల్లల సంగతి. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు.

ఆడపిల్లని గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఆఫీసు తలుపు తీసే ఉంటుంది, లోపలి గది తలుపు కూడా తీసే ఉంటుంది. ఆ పిల్ల బయటికి రావాలనుకున్నప్పుడే అది మూసుకుంటుంది. "కమిట్‌మెంట్ ఇస్తావా" అని అడుగుతారు, టీ తాగుతావా అన్నంత మామూలుగా. కాదంటే ఫోన్లు ఆగిపోతాయి. 2018 ఏప్రిల్‌లో ఒక నటి ఫిల్మ్ చాంబర్ ముందు రోడ్డు మీద కూర్చుని ఈ సంగతే అరిచి చెప్పింది. ఆమె ఎంచుకున్న పద్ధతి మీకు నచ్చకపోవచ్చు. ఆమె అడిగినదానికి సమాధానమేది? ఆర్టిస్టుల అసోసియేషన్ చేసిన మొదటి పని, ఆమెతో తమ సభ్యులెవరూ నటించకూడదని ప్రకటించడం. జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసుల దాకా వెళ్లింది వ్యవహారం. కొన్ని రోజులకే నిషేధం ఎత్తేశారు. కానీ మాట బయటికొచ్చేసింది కదా! ఎవ్వరూ ఆపలేరని మైకులో చెప్పే మనుషులు, ఎలా ఆపాలో కూడా మైకులోనే చెప్పారు. ప్రెస్‌మీట్ పెట్టి మరీ.

కేరళలో సినిమా ఆడవాళ్ల కష్టాల మీద హేమ కమిటీ ఇచ్చిన నివేదిక 2019 చివర్లో ప్రభుత్వం చేతికి వెళ్తే 2024 ఆగస్టులో గానీ జనం చేతికి రాలేదు. మనవాళ్లు అది చదివి "అయ్యో, కేరళలో ఇంత ఘోరమా" అని ముక్కు మీద వేలేసుకున్నారు. ఇక్కడ కూడా 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. ఆ నివేదిక బయట పెట్టండని అడగడానికి సమంత నోరు తెరవాల్సి వచ్చింది. అంతమంది హీరోలున్నారు, తెర మీద చెల్లెలి మీద చెయ్యి పడితే ఊరు తగలబెట్టేస్తారు. ప్రీ-రిలీజ్ ఫంక్షన్లో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "ఆ నివేదిక సంగతేంటి" అని మైకులో అడగ్గా నేను వినలేదు. సిగ్గుండాలి. ఊళ్లో ఇంటర్ చదివే ఏ పిల్ల ఫోన్లోనో మీ ప్రసంగం క్లిప్పు తిరుగుతుంటుంది. టాలెంట్ ఉంటే ఎవ్వరూ ఆపలేరని నమ్మి రైలెక్కుతుంది. ఆ పిల్లని రమ్మని పిలిచింది మీరు. దిగాక ఆమెకి ఏమైనా అయితే మాత్రం, "ఇండస్ట్రీలో మంచీ చెడూ రెండూ ఉంటాయమ్మా, మనం జాగ్రత్తగా ఉండాలి" అంటారు.

పార్వతీపురం కుర్రాడు అరవై వేలు కట్టేశాక షూటింగు తేదీ రెండుసార్లు మారింది. తర్వాత కో-ఆర్డినేటర్ మూడు ఫోన్లూ స్విచాఫ్. పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం పదరా, నేనూ సాక్ష్యం చెబుతానన్నాను. తల అడ్డంగా ఊపాడు. పోనీ ఆ మనిషి పేరు నాకు చెప్పు, రాసి పెడతానన్నాను.

"వద్దు సార్, ఆయన పేరు మాత్రం రాయకండి."

"ఏం?"

"షెడ్యూల్ ఇంకా మొదలవలేదు కదా సార్. మళ్లీ నా డైలాగు తీసేస్తారు."